పదమూడో తీర్మానం

పాత్రికేయుల సంఘం పందొమ్మిదో మహాసభ శనివారం సాయంత్రం నాలుగు గంటలకు దిగ్విజయంగా ముగిసింది. ఆదివారం ఉదయం పది గంటలకు మొదలైంది.

ఇందులో కంగారు పడవలసింది ఏమీ లేదు. సంఘం కార్యదర్శి ఒక దినపత్రికలో న్యూస్ ఎడిటర్ కూడా. ఆదివారం డెస్కులో మనుషులు తక్కువ, సభలో ఉపన్యాసాలు ఎక్కువ. అందుకని ఆయన మహాసభ వార్తను ఒకరోజు ముందే తీరిగ్గా కూర్చుని రాసి పెట్టాడు. కిక్కిరిసిన హాలు, ఉత్తేజకరమైన అధ్యక్షోపన్యాసం, ఏడుసార్లు కరతాళ ధ్వనులు, ఏకగ్రీవంగా ఆమోదం పొందిన పన్నెండు తీర్మానాలు, అన్నీ అందులో ఉన్నాయి. ఇక మిగిలిందల్లా సభ జరగడం. అది చిన్న పని.

ఆ పత్రికలో చేరి ఐదు నెలలైన ఒక అమ్మాయికి ఈ సంగతి తెలియదు. అందరూ ఆమెను కొత్తమ్మాయి అనేవారు. మొదటిసారి మహాసభకు వస్తోంది కదా అని కొత్త చెప్పులు వేసుకుని, చేతిసంచిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి పట్టుకుని వచ్చింది. ఆ కాగితంలో ఒక తీర్మానం ఉంది. తీర్మానంలో ఒక మనిషి ఉద్యోగం ఉంది.

ఆ మనిషి ప్రూఫ్ రీడరు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఎర్రసిరా పెన్నుతో పేజీలు దిద్దుతున్నవాడు. ఆఫీసంతా ఆయన్ని బాబాయ్ అంటుంది. నెల క్రితం ఆయన చేతికి ఒక వార్త వచ్చింది. పత్రిక యజమాని ఫలానా వీధిలో గ్రంథాలయ భవనాన్ని ప్రారంభించి, పుస్తకాల విశిష్టత గురించి గంటసేపు ప్రసంగించారని దాని సారాంశం. బాబాయ్ ఇల్లు ఆ వీధిలోనే. ఆ రోజు కుండపోత వాన కురిసి, మోకాలి లోతు నీళ్లు నిలిచి, యజమాని కారు వీధి మలుపు నుంచే వెనక్కి తిరిగింది. బాబాయ్ వార్తకు అడ్డంగా ఎర్రగీత కొట్టి, పక్కన ‘ఈ సభ జరగలేదు’ అని రాశాడు. మర్నాడు పత్రికలో యజమాని ఫొటో రావలసిన చోట సబ్బు ప్రకటన వచ్చింది. జరగని సంఘటన జరగలేదని నిర్ధారించి సంస్థ విశ్వసనీయతకు తీరని హాని కలిగించాడన్న అభియోగంపై బాబాయ్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది.

ఖాళీగా ఉండలేక ఆయన రోజూ బస్టాపులో నిలబడి, గోడమీది టైం టేబుల్‌లో ఎనిమిది గంటల బస్సు పక్కన ఎర్రసిరాతో ‘ఇది రాదు’ అని రాస్తున్నాడని వినికిడి. ప్రయాణికులు ఇప్పుడు ఆ రాతను చూసే ఇంటి నుంచి బయల్దేరుతున్నారట.

మహాసభను ప్రారంభించడానికి పత్రిక యజమానే విచ్చేశారు. ఉద్యోగుల సంఘం సభకు యజమాని ప్రారంభకుడేమిటని కొత్తమ్మాయి కార్యదర్శిని అడిగింది.

“మరి ఆయన రాకపోతే ఎవరి మీద పోరాడతామమ్మా?” అన్నాడాయన.

హాలులో ఆరు వందల కుర్చీలున్నాయి. వచ్చింది తొంభై నలుగురు. కార్యదర్శి జేబులోంచి వార్త ప్రతి తీసి చూసుకున్నాడు. ‘నిలబడడానికి కూడా చోటు లేక’ అని స్పష్టంగా ఉంది. వెంటనే కుర్చీలు బయటికి మోయించి, ప్రతినిధులందర్నీ స్తంభానికీ తలుపుకూ మధ్య మూలకు చేర్పించి, “కాస్త కిక్కిరిసి నిలబడండి బాబూ” అని బతిమాలాడు. సంఘం సభ్యుడే కనుక బాబాయ్ కూడా వచ్చి చివరి వరుసలో కూర్చుని ఉన్నాడు. ఆయన కిందున్న కుర్చీనీ లాగేశారు. ఫొటో అద్భుతంగా వచ్చింది.

అధ్యక్షులవారు పందొమ్మిదేళ్లుగా ఆ పదవిలో ఉన్నారు. దించేద్దామని ఎవరికీ తోచలేదని కాదు, ఎన్నిక వార్త కూడా ముందే రాసి ఉండేది. ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు. మైకు పని చేయలేదు. ఆ సంగతి ఆయన గమనించలేదు, వింటున్నవాళ్లూ గమనించలేదు. ముందు నిలబడ్డ ఒకాయన మాత్రం “ఏం వినబడటం లేదండీ” అన్నాడు. “రేపు చదువుకుందువుగానీలే, ఊరుకో” అన్నాడు పక్కాయన. కార్యదర్శి చేతిరుమాలు పైకెత్తినప్పుడల్లా చప్పట్లు మోగాయి. ఐదోసారి ఎత్తినప్పుడు అధ్యక్షులవారు మంచినీళ్లు తాగుతున్నారు. అయినా హాలు దద్దరిల్లింది. అంత గంభీరంగా నీళ్లు తాగే నాయకుడు మరొకరు లేరు.

తర్వాత తీర్మానాలు. పత్రికా స్వేచ్ఛ కోసం ప్రాణాలైనా అర్పిస్తామన్నది మొదటిది. దాన్ని ముందుగా యజమానిగారికి చూపించి, ఆయన ‘ప్రాణాలైనా’ కొట్టేసి ‘వీలైనంత సమయం’ అని మార్చాక సభలో పెట్టారు. సముద్రాల అవతలి పాత్రికేయుల కష్టాల పట్ల తీవ్ర ఆందోళన వెలిబుచ్చేవి నాలుగు. మిగతావి ధన్యవాదాలు. పన్నెండూ పదకొండు నిమిషాల్లో ఆమోదం పొందాయి.

అప్పుడు కొత్తమ్మాయి చెయ్యెత్తింది.

“సార్, నాదొక తీర్మానం ఉంది. బాబాయ్‌ని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోవాలని.”

మైకు లేకపోయినా ఆమె మాట చివరిదాకా వినబడటం అందరికీ ఇబ్బందిగా తోచింది. యజమానిగారు గడియారం చూసుకున్నారు. కార్యదర్శి ఆమెను పక్కకు పిలిచాడు.

“తల్లీ, తీర్మానాలు పన్నెండే.”

“ఇది పదమూడోది సార్.”

“వార్తలో పన్నెండే ఉన్నాయమ్మా. పన్నెండని వేసి పదమూడు చేస్తే పాఠకుణ్ణి మోసం చేసినట్టు కాదూ?”

“ఇంకా అచ్చవలేదు కదా సార్.”

“కొత్తదానివి, నీకు తెలియదు. సభలో అన్నది గాలికి పోతుంది. పేపర్లో వచ్చిందే జరిగినట్టు. వచ్చే ఏడాది ముందుగా చెప్పు, చూద్దాం. ఇప్పుడు నువ్వు ఆఫీసుకెళ్లి ఆ వార్తకి ఈ ఫొటో పెట్టి పంపించెయ్.”

కొత్తమ్మాయి గుంపు చివర వైపు చూసింది. బాబాయ్ చెయ్యి ఊపి, పోనీలే అన్నట్టు నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఆమెకు పోనివ్వబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం మూడింటికి డెస్కులో కూర్చుని ఫొటో పెట్టింది. పెద్దవాళ్లు చెప్పిన మాట వినే పిల్ల కనుక, ‘పేపర్లో వచ్చిందే జరిగినట్టు’ అన్న దాన్ని మరోసారి మననం చేసుకుంది. వార్త చివర ఒక పేరా చేర్చింది. ‘ఈ సందర్భంగా యజమాని మాట్లాడుతూ, తొలగించిన ప్రూఫ్ రీడరును తక్షణం విధుల్లోకి తీసుకుంటున్నట్లు ప్రకటించారు. ఆయన ఔదార్యానికి సభ యావత్తూ లేచి నిలబడింది.’ ఎటూ కుర్చీలు లేవు కనుక రెండో వాక్యం నిజమే.

పంపే ముందు ఎవరైనా చదివి దిద్దాలి. దిద్దే మనిషిని తీసేశారు. పేజీ నేరుగా ప్రెస్సుకు వెళ్లింది.

తెల్లవారి యజమానిగారు వార్త రెండుసార్లు చదివి కార్యదర్శికి ఫోన్ చేశారు.

“ఏమయ్యా, నేను అలా అన్నానా?”

“పేపర్లో వచ్చింది కదండీ.”

“మన పేపర్లోనేనా?”

“మన పేపర్లోనేనండి.”

“అయితే అనే ఉంటాను.”

సవరణ వెయ్యడం ఆ పత్రిక చరిత్రలో లేదు. పైగా సాయంత్రానికి అభినందనలు గుట్టలుగా వచ్చాయి. ఆ ప్రకటన వింటున్నప్పుడు తనకు కళ్లనీళ్లు ఆగలేదని అధ్యక్షులవారు ముగ్గురికి చెప్పారు. తొంభై నలుగురు ప్రతినిధులూ, ఆ చప్పట్లకు కిటికీ అద్దం పగిలిందని ఒకరు, రెండు పగిలాయని ఇంకొకరు వాదించుకున్నారు. మహాసభకు రానివాళ్లకు చప్పట్లు ఇంకా బాగా వినబడ్డాయట.

బుధవారం బాబాయ్ విధుల్లో చేరాడు. బల్ల తుడుచుకుని, పెన్నులో ఎర్రసిరా నింపుకుని కూర్చోగానే, మొదటగా మహాసభ ప్రత్యేక సంచిక ప్రూఫులు వచ్చాయి. ముప్ఫై రెండు పేజీలు, మూడో పేజీలో సోమవారం నాటి వార్త మొత్తం. కొత్తమ్మాయి పరుగున వచ్చి పక్కన నిలబడింది.

“బాబాయ్, మూడో పేజీ చివరి పేరా చదవకండి.”

“చదవకుండా ఎలా దిద్దనే అమ్మాయ్?”

“అది నేను రాశాను. మీ కోసం.”

బాబాయ్ కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. ఇంకోసారి చదివాడు.

“బాగా రాశావే. అచ్చం జరిగినట్టే ఉంది.”

“ఉండనివ్వండి మరి. రెండేళ్లేగా.”

“నీకు పేజీ చదవడం నేర్పింది నేనే కదటే. ఇది వదిలేస్తే ఇంకేం నేర్పినట్టు?” అని, అడ్డంగా గీత కొట్టి, పక్కన ‘ఇది జరగలేదు’ అని రాశాడు. సిరా తడి ఆరక ముందే ‘కిక్కిరిసిన’ కొట్టేశాడు, ‘ఉత్తేజకరమైన’ కొట్టేశాడు, ‘ఏకగ్రీవంగా’ కొట్టేశాడు. సాయంత్రానికి ముప్ఫై రెండు పేజీల్లోనూ తేదీ, ‘భోజన విరామం’ అన్న మాట మాత్రమే మిగిలాయి.

గురువారం ఆయన్ని మళ్లీ తీసేశారు.

ఈ రెండోసారి తీసెయ్యడం గురించి ఏ పత్రికా రాయలేదు. రాయలేదు కనుక, కార్యదర్శి సిద్ధాంతం ప్రకారం, అది జరగనే లేదు. బాబాయ్ ఇప్పటికీ ఉద్యోగంలోనే ఉన్నాడు. ఆ సోమవారం వార్త మీరూ చదివారు, ‘ఎంత మంచి యజమాని’ అనుకుని పేజీ తిప్పారు. ఎప్పుడైనా అటు వెళ్లినప్పుడు ఆయన కుర్చీ ఖాళీగా కనబడితే, మీ కళ్లను నమ్మకండి. బస్టాపులో ఎర్రపెన్ను పట్టుకుని ఎవరో ముసలాయన కనబడినా పలకరించకండి. మీరు ఇన్నాళ్లూ నమ్మనిది ఆయన రాతనే కదా.