శేషగిరి మీద శేషగిరి పెట్టించిన అవిశ్వాసం

శనివారం పొద్దున అమెరికాలోని షాంటిలీ ఊళ్ళో తన ఇంట్లో శేషగిరి కాఫీ తాగుతూ లండన్ వార్తలు చూస్తున్నాడు. యూరప్ కూటమి నుంచి బయటపడే బ్రెగ్జిట్ గొడవలో అక్కడి ప్రధానమంత్రి మీద సొంత పార్టీవాళ్ళే అవిశ్వాసం పెట్టారు. ఆవిడ నెగ్గింది. నెగ్గింది కాబట్టి ఇక ఏడాదిపాటు పార్టీలో ఎవరూ ఆవిడ జోలికి రాకూడదట. శేషగిరి కప్పు కింద పెట్టేశాడు. ప్రపంచంలో ఇంత మంచి రూలు ఉండగా తనకెందుకు ఇన్ని తిప్పలు?

శేషగిరి షాంటిలీ తెలుగు సంఘానికి అధ్యక్షుడు. సంఘాన్ని తెలుగు సంఘాల జాతీయ సమాఖ్య నుంచి బయటికి తెస్తానని మాటిచ్చి గెలిచాడు. గెలిచాక, బయటికి వెళ్దామనేవాళ్ళకి "తొందరెందుకు?" అనీ, ఉందామనేవాళ్ళకి "వెళ్తామని ఎవరన్నారు?" అనీ చెప్పుకుంటూ కాలం నెట్టుకొచ్చాడు. దాంతో రెండు వర్గాల మధ్యా మాటల్లేవు. అతని ఇంట్లోనే ఒక వర్గం బేస్‌మెంట్‌లో, ఇంకో వర్గం పైన హాల్లో మీటింగులు పెట్టుకునేవి. మెట్లెక్కుతూ దిగుతూ రెండు చోట్లకీ పకోడీలు మోసేది మాత్రం అతని భార్య పద్మజ.

ఆ పదవంటే శేషగిరికి ప్రాణం. ఆఫీసులో కొడుకు వయసున్న మేనేజర్ అతన్ని "శేష్" అని పిలిచి, మాట మధ్యలోనే ఆపేస్తాడు. "అధ్యక్షులవారూ" అని పిలిచి, మాట పూర్తయ్యేదాకా వినే చోటు అతనికి ఈ భూమ్మీద ఇదొక్కటే. ఇప్పుడదీ ఊడేలా ఉంది. ఉందామనేవాళ్ళ నాయకుడు డాక్టర్ ఆంజనేయప్రసాద్ ఈ మధ్యాహ్నం మీటింగులో అతన్ని దించేస్తాడని ఊరంతా గుసగుసలు.

వెంటనే సంఘం సభ్యుడు రఘుకి ఫోన్ చేశాడు.

"రఘూ, ఇవాళ నా మీద అవిశ్వాసం పెట్టాలి."

"ఎవరు పెట్టాలె అన్నా?"

"నువ్వే."

"నేనా? నాకు మీ మీద కోపమే లేదు గదన్నా!"

"లేదు కాబట్టే నిన్ను అడుగుతున్నా. నువ్వు పెడతావ్, నేను నెగ్గుతా, ఏడాదిదాకా సేఫ్. సమాఖ్యలోంచి ఎందుకు బయటికి తేలేదని నిలదియ్. మరీ గట్టిగా వద్దు."

రఘుకి తన కంపెనీలో ఉద్యోగానికి రిఫరల్ ఇచ్చి, వీసా ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా వెంటపడింది శేషగిరే. రఘు కాదనలేకపోయాడు.

"ఒకవేళ ఓడిపోతే?" అని అడిగింది పద్మజ. ఆ గొంతులో ఉన్నది భయం కాదని శేషగిరి గమనించలేదు.

"చేతులెత్తే ఓటు పెట్టిస్తాగా! రెండోసారి వడ్డిస్తే వద్దనలేనివాళ్ళు, మొహం మీద కాదంటారా?"

మీటింగు ఒక స్కూలు కాఫెటీరియాలో. అవిశ్వాసం నెగ్గినవాళ్ళ జోలికి ఏడాదిదాకా రాకూడదన్న రూలుని శేషగిరి ముందుగా పాస్ చేయించాడు. పక్క టేబుల్ మీద పులిహోర, గుత్తివంకాయ మూతలు తీసి ఉండటంతో ఎవరూ చర్చ పెట్టలేదు. ఆ తర్వాత రఘు లేచాడు.

"అధ్యక్షులవారి మీద అవిశ్వాసం పెడుతున్నా. సమాఖ్యలకెల్లి మనల్ని ఎందుకు బయటికి తేలేదో చెప్పాలె. సారీ అన్నా."

"బలపరిచేవారు?" అని కార్యదర్శి అడిగాడు.

బలపరిచేవాళ్ళు కూడా కావాలన్న సంగతి శేషగిరికి ముందు తట్టలేదు. ఆంజనేయప్రసాద్‌కేమో ఇందులో ఏదో కిటుకు ఉందనిపించింది. "శేషగిరిగారి మీద అవిశ్వాసమా? ఎంత మాట!" అని చెవులు మూసుకుని కూర్చున్నాడు. అతని వర్గమంతా చెవులు మూసుకుంది. బలపరిచేవాళ్ళు లేకపోతే ఓటు లేదు, ఓటు లేకపోతే ఏడాది లేదు. శేషగిరి కళ్ళతోనే హాలంతా బతిమాలాడు.

"నేను బలపరుస్తున్నాను" అని పద్మజ చెయ్యెత్తింది.

శేషగిరికి భార్య మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. హాల్లోవాళ్ళకి మాత్రం వేరేది పుట్టింది. "కట్టుకున్నావిడే నమ్మట్లేదంటే మనకి తెలీనిదేదో ఉందండీ" అని వెనక వరసలో మొదలైన మాట ముందు వరసకి వచ్చేసరికి నిజమైపోయింది.

గాలి మారిందని గ్రహించి శేషగిరి మైకు అందుకున్నాడు. "నాకు పదవీ వ్యామోహం లేదు. రాత్రింబవళ్ళు కష్టపడి అలిసిపోయాను. మీరు ఊఁ అంటే ఇప్పుడే తప్పుకుంటాను" అని, "వద్దు వద్దు" అనడానికి జనానికి కాస్త టైమిచ్చాడు.

ఎవరూ అనలేదు. ఆంజనేయప్రసాద్ లేచి జాలిగా అన్నాడు. "అలిసిపోయానని పెద్దమనిషి నోరు తెరిచి చెప్పాక కూడా మొహమాటపెట్టడం మర్యాద కాదండీ."

మర్యాద అనేసరికి అందరూ తలలూపారు. శేషగిరి కావాలనేవాళ్ళు చేతులెత్తమంటే ఒకే ఒక్క చెయ్యి లేచింది. అది రఘుది.

హాలంతా రఘు వైపు తిరిగింది. అవిశ్వాసం పెట్టి కూడా ఆయనకే ఓటేశాడంటే ఎంత పెద్ద మనసు! నిలదీశాడు కాబట్టి రఘు తమవాడే అని వెళ్దామనేవాళ్ళు అనుకున్నారు. ఎక్కడికీ వెళ్ళని శేషగిరికి ఓటేశాడు కాబట్టి తమవాడే అని ఉందామనేవాళ్ళు అనుకున్నారు. కొత్త అధ్యక్షుడెవరంటే రెండు వర్గాలూ మొదటిసారి ఒకే పేరు చెప్పాయి.

"అయ్యో, నాతోని కాదు! దండం పెడతా, నాకీ పదవి వద్దే వద్దు!" అన్నాడు రఘు, నిజంగానే దండం పెడుతూ.

"వద్దనకండి! మీరే ఉండాలి! మీరు లేకపోతే సంఘం లేదు!" అంటూ హాలంతా లేచి నిలబడింది. శేషగిరి చేతిలో మైకుతో అలాగే ఉండిపోయాడు. తను వినాలని వచ్చిన మాటలే అవి, ఒక్కటీ తక్కువ కాలేదు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

అందరికంటే గట్టిగా అరిచింది పద్మజ.