సాంబమూర్తి కారు మీద గీత

ఆ ఆదివారం పొద్దున సాంబమూర్తి వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. గల్లీ సంఘం అధ్యక్షుడు ఓంప్రకాశ్ సేటు వస్తాడు. కారు తలుపు మీద గీతను కళ్లారా చూస్తాడు. ఎదురింటి కిషన్ రావును పిలిచి, గేటును లోపలికి తిప్పించుకోమంటాడు. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ మటన్ కూరతో భోంచేస్తారు.

మట్టెవాడలోని ఆ గల్లీ కారుకు సరిపోతుంది గానీ, కారుకూ కిషన్ రావు గేటుకూ కలిపి సరిపోదు. ఆ గేటు బయటికి తెరుచుకుంటుంది. సాంబమూర్తి కారు తీసిన ప్రతిసారీ ఆయన భార్య వాసంతి ముందు దిగి, కారు దాటిపోయేదాకా ఆ గేటును పట్టుకుని నిలబడాలి. పోయిన వారం తలుపు మీద సన్నటి గీత కనబడేసరికి సాంబమూర్తికి బాధతో పాటు కొంత సంతోషం కూడా కలిగింది. సంఘానికి వెళ్లి చెప్పినప్పుడు ఆ గీత జానెడు ఉంది. "నా గేటు తాకనే లేదు" అని కిషన్ రావు అనేసరికి మూరెడయింది. ఓంప్రకాశ్ ఫోన్ చేసి అడిగేనాటికి లోపలి రేకు కూడా కనబడుతోంది.

చిక్కల్లా ఒక్కటే. కారు నల్లది. సాంబమూర్తిది షత్రంజీల, అంటే నూలు తివాచీల దుకాణం. మగ్గాల మీది నుంచి వచ్చిన షత్రంజీల కోత ముక్కలతో ఆయన రోజూ కారును గుండ్రంగా, ఓపిగ్గా రుద్ది తుడుస్తాడు. ఇన్నేళ్ల ఓపిక ఫలితంగా, ఎండ పడగానే కారు ఒళ్లంతా సాలీడు గూడు అల్లినట్టు వేల గీతలు తేలుతాయి. వాటి మధ్య అసలు గీత ఎక్కడుందో ఆయనే ఒకటికి రెండుసార్లు వెతుక్కోవలసి వచ్చింది.

అందుకే బామ్మర్ది జీవన్‌ను పిలిపించాడు. జీవన్ ఈ మధ్యే హన్మకొండలో కార్లకు మిషన్‌తో పాలిష్ చేసే షెడ్డు పెట్టుకున్నాడు. ఆ హడావుడిలో అక్క ఇంటికి వచ్చి చాలా రోజులైంది. గేటు తగాదా సంగతి అతనికి తెలియదు.

"ఇవన్ని నువ్వు తుడిచిన గీతలే బావా," అన్నాడు జీవన్, బానెట్ మీద ఫోన్ లైటు వేసి చూపిస్తూ. "కారు తుడిచినవా, బోళ్లు తోమినవా?"

"ప్రేమతోటి తుడిచిన రా. పోతయా, పోవా?"

"మిషన్ తిప్పితే అద్దం లెక్క అయితది. ఫికర్ చెయ్యకు."

సాంబమూర్తి అతన్ని తలుపు దగ్గరికి తీసుకుపోయాడు. అసలు గీతకు అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి ఎర్ర టేపు ముక్కలు అంటించాడు. "ఇగో, ఇది చూసినవా? అన్నిట్ల ముఖ్యం ఇదే. దీని సంగతి జర మంచిగ చూడు," అన్నాడు.

చుట్టూ ఉన్నవన్నీ పోయి ఇది ఒక్కటే మిగలాలని ఆయన ఉద్దేశం. ఆ ఉద్దేశం మనసులో ఎంత స్పష్టంగా ఉందంటే, దాన్ని పైకి చెప్పాలని కూడా ఆయనకు తోచలేదు. సంచి పట్టుకుని మటన్ దుకాణానికి బయల్దేరాడు.

ఆయన మలుపు తిరగగానే వాకిట్లో ప్లగ్గు పనిచేయడం లేదని తేలింది. అక్క పెరట్లో బట్టలు ఉతుకుతోంది. జీవన్ మరో ఆలోచన లేకుండా ఎదురింటి తలుపు తట్టాడు. కిషన్ రావు రిటైరైన లెక్కల లెక్చరర్. జీవన్ ఇంటర్‌లో ఆయన దగ్గరే చదువుకున్నాడు. సాంబమూర్తి మీద ఎంత కోపమున్నా, "సార్, జర ప్లగ్గు వాడుకుంట" అంటూ చేతులు కట్టుకుని నిలబడ్డ పాత విద్యార్థిని ఆయన కాదనలేకపోయాడు. వరండాలో ప్లగ్గు చూపించి, కుర్చీలో కూర్చుని పేపరు తెరిచాడు. వైరు గల్లీకి అడ్డంగా పరుచుకుంది. జీవన్ కారు కడిగి, రబ్బరు అంచులకు టేపు వేసి, పాలిష్ మందు చుక్కలు పెట్టి, మిషన్ మీట నొక్కాడు. స్పాంజి బిళ్ల గిర్రున తిరగసాగింది.

ఆదివారం మటన్ దుకాణం ముందు ఎంత జనం ఉండాలో అంత జనం ఉన్నారు. సాంబమూర్తి తిరిగి వచ్చేసరికి పని పూర్తయింది. ఆయన గల్లీ మొదట్లోనే ఆగిపోయాడు. బానెట్‌లో ఆకాశం ఉంది, కరెంటు తీగలున్నాయి, తీగ మీద ఒక పావురం కూడా ఉంది. తన కారు ఇంత నల్లగా ఉంటుందని ఆయనకు కొన్నప్పుడు కూడా తెలియదు. మురిసిపోతూ తలుపు దగ్గరికి వచ్చాడు. తలుపులో మటన్ సంచి పట్టుకున్న సాంబమూర్తి కనబడ్డాడు. మరేమీ కనబడలేదు.

"గీతేది రా?"

"ఏ గీత బావా?"

"నేను టేపు పెట్టిన గీత."

"తీసేసిన గద. గోరుకు తట్టలే, పైపై గీతనే. రెండుమూడు సార్లు తిప్పంగనే పోయింది. నువ్వు నిషాన్ పెట్టినవని ముందుగాల దాన్నే పట్టుకున్న."

సాంబమూర్తి గడప మీద కూలబడ్డాడు. వాసంతి మటన్ సంచి అందుకుని, తమ్ముడికి సంగతంతా చెప్పింది. జీవన్ చేతిలోని గుడ్డను మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచాడు.

"సేటు ఇప్పుడో ఇంకో గడియకో వస్తడు. గీత లేకపోతే గల్లీల నేను అబద్ధాలోన్ని అయిత," అన్నాడు సాంబమూర్తి.

"అయితే మళ్ల గీయి బావా. సేటు పోయినంక నేనే తీస్త."

సాంబమూర్తి ఇంటి తాళంచెవి తీసుకుని తలుపు ముందు వంగాడు. తలుపులోని సాంబమూర్తి ఎంతో జాలిగా ఆయన వైపు చూశాడు. చెయ్యి కదలలేదు. కొంచెం పక్కకు జరిగి చూశాడు. అక్కడా కదలలేదు. కళ్లు మూసుకున్నాడు. తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు.

"మీతోటి కాదు గని, జరుగుండ్రి," అంటూ వాసంతి జీవన్ సామాన్ల పెట్టెలోంచి పెద్ద స్క్రూడ్రైవర్ తీసింది. ఇన్నాళ్లూ గేటు పట్టుకుని నిలబడ్డ కసి అంతా ఆమె పిడికిట్లో ఉంది.

సాంబమూర్తి రెండు చేతులూ చాచి తలుపుకు అడ్డం పడ్డాడు. "వద్దే, నీకు దండం పెడ్త. అంత పెద్దది వద్దు."

"ఒక్కసారి గీస్తే అయిపాయె. మీరు పక్కకు జరుగుండ్రి."

"అక్కా, ఆగే," అంటూ జీవన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

వరండాలో పేపరు చదువుతున్న కిషన్ రావుకు మాటలు సరిగ్గా వినబడలేదు. బొమ్మ మాత్రం కనబడింది. స్క్రూడ్రైవర్ ఎత్తిన భార్య, కారుకు అతుక్కుపోయి వణుకుతున్న భర్త, ఆమెను ఆపలేక ఆపుతున్న తమ్ముడు. ఆయన పేపరు కింద పడేశాడు. ఫోన్ అందుకున్నాడు.

"సేటూ, జల్ది రాండ్రి. వాసంతమ్మ మొగన్ని పొడుస్తాంది. ఒక్క గీత కోసం సంసారం ఆగమైతాంది."

ఓంప్రకాశ్ సేటు చెప్పుల్లేకుండానే వచ్చాడు. దారిలో ఎవరడిగినా సమాధానం చెప్పడంతో, ఆయన వెనకే సగం గల్లీ వచ్చింది. ఆ జనాన్ని చూసి వాసంతి స్క్రూడ్రైవర్‌ను కొంగు చాటుకు లాక్కుంది.

"ఏందమ్మా ఇది?" అన్నాడు ఓంప్రకాశ్ రొప్పుతూ.

"ఏం లేదన్నా. కారు తుడుస్తానం."

సాంబమూర్తి ఒంటి మీద రక్తమేమీ లేదని నిర్ధారించుకున్నాక, ఓంప్రకాశ్ తన అసలు పని గుర్తు తెచ్చుకున్నాడు. కళ్లజోడు పెట్టుకుని తలుపు ముందు వంగాడు. పక్కనుంచి చూశాడు. అరచేత్తో తడిమాడు.

"రేకు కనబడ్తాందన్నవ్ గదయ్యా. నాకు నా మీసమే కనబడ్తాంది."

సాంబమూర్తి నేల చూపులు చూశాడు. బావ అవస్థ చూడలేక జీవన్ ముందుకు వచ్చాడు. "గీత ఉండె సేటు. పొద్దున నేనే తీసిన."

"నిన్నెవలు తియ్యమన్నరు?"

జీవన్ బావ వైపు చూశాడు. బావ ఇంకా నేల వైపే చూస్తున్నాడు. జవాబు కోసం ఒక అడుగు ముందుకు వేసిన ఓంప్రకాశ్ కాలికి వైరు తట్టుకుంది. ఆయన వంగి దాన్ని ఎత్తాడు. ఒక కొస మిషన్‌కు ఉంది. రెండో కొస ఎక్కడుందో వెతుక్కుంటూ ఆయన చూపు గల్లీ దాటింది, గేటు దాటింది, కిషన్ రావు వరండాలోని ప్లగ్గు దగ్గర ఆగింది.

ఓంప్రకాశ్ మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. "ఇప్పుడు సమజైంది," అన్నాడు. "ఎవలకు చెప్పకుంట సారే మనిషిని పిలిపిచ్చి, తన ఇంటి కరెంటు పెట్టి, పని చేపిచ్చిండు. పైన నాకు ఫోన్ చేసి పిలిచింది కూడ ఆయననే."

కిషన్ రావు కాదనడానికి నోరు తెరిచాడు. అంతలో పక్కింటి రాజవ్వ, "సారుది ఎంత పెద్ద మనసో," అంది. ఎవరో చప్పట్లు కొట్టారు. తెరిచిన నోరు కాసేపు అలాగే ఉండి, నెమ్మదిగా చిరునవ్వులోకి తిరిగింది.

"ఎదురెదురుంగ ఉంటానం. ఆ మాత్రం చెయ్యకుంటే ఎట్ల," అన్నాడు కిషన్ రావు.

"తన తప్పు తాను ఒప్పుకునుడు మామూలు ముచ్చట కాదు," అన్నాడు ఓంప్రకాశ్ జనం వైపు తిరిగి. "ఇగ ఆ గేటు గూడ లోపలికి తిప్పిస్తే సరిపాయె. ఏమంటరు సారు?"

చిరునవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. కిషన్ రావు జీవితమంతా లెక్కలు చెప్పినవాడు గనుక ఈ లెక్క ఆయనకు వెంటనే తెలిసిపోయింది. గీత తన గేటుది కాదంటే చప్పట్లు తిరిగి ఇచ్చెయ్యాలి. చప్పట్లు ఉంచుకోవాలంటే గీతను కూడా ఉంచుకోవాలి. ఆయన గల్లీ వైపు చూశాడు. చిన్నాపెద్దా అందరూ తన వైపే మెచ్చుకోలుగా చూస్తున్నారు. రిటైరైనప్పుడు కూడా ఆయనను ఇంతమంది ఇలా చూడలేదు.

"తిప్పిస్త," అన్నాడు.

జనం వెళ్లిపోయాక ఆయన వైరు చుట్టుకుంటూ సాంబమూర్తి దగ్గరికి వచ్చాడు.

"నిజం చెప్పు సాంబమూర్తీ. నా గేటు తాకిందా?"

"ఏమో సారు. తాకంగ నేను చూడలే."

"పోనీ, ఎంత పొడుగుండె?"

సాంబమూర్తి చూపుడువేలు చూపించాడు. కాస్త ఆలోచించి, సగం మడిచాడు. కిషన్ రావు ఆ మిగిలిన సగం వేలి వైపు చాలాసేపు చూశాడు. ఆయన ఏదో అనబోయే లోపల వాసంతి వంటింట్లోంచి కేకేసింది. "సారూ, కూర ఉడుకుతాంది. తిని పోండ్రి."

ఆయన తిన్నాడు. రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

ఆ వారంలోనే వెల్డింగ్ మనిషి వచ్చి గేటును లోపలికి తిప్పి బిగించాడు. మర్నాడు పొద్దున పాల కోసం దాన్ని జోరుగా లాగిన కిషన్ రావుకు, అది లోపల నిలబెట్టిన తన కొత్త స్కూటరును కర్రుమని గీసుకుపోవడం వినబడింది. ఈ సంగతి ఆయన సంఘం దాకా తీసుకుపోలేదు. జీవన్ ఫోన్ నంబరు మాత్రం అడిగి తీసుకున్నాడు.