గోడ మీద అమ్మ

ఆ ఆదివారం పొద్దున పెయింటరు పెట్టుకున్నది చాలా చిన్న పని. మధ్యాహ్నంలోగా కూతురికి చదవడం మీద ఇష్టం పుట్టించడం.

కూతురికి ఆరేళ్ళు. ఇంట్లో అందరూ పిడుగు అంటారు. నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినబడుతుంది గానీ, పుస్తకం తెరిస్తే మాత్రం కడుపునొప్పి వస్తుంది. బొమ్మల పుస్తకమైతే కొంచెం, పాఠాల పుస్తకమైతే చాలా. నెలాఖరులోగా పిల్ల నాలుగు మాటలు కూడబలుక్కుని చదవకపోతే మళ్ళీ ఒకటో తరగతిలోనే కూర్చోబెడతానని టీచరమ్మ కబురు పంపింది. అది విన్న దగ్గర్నుంచి పెయింటరుకి ముద్ద దిగడం లేదు. ఊళ్ళో సగం దుకాణాల బోర్డులు తను రాసినవే. తన కూతురికే అక్షరం రాదంటే తల ఎక్కడ పెట్టుకోవాలి?

నర్సుగా పనిచేసే భార్య డ్యూటీకి వెళ్ళగానే రంగు డబ్బాలు దించాడు. పుస్తకాల్లో అక్షరాలు మరీ చీమల్లా ఉంటాయనీ, పిల్లలు భయపడేది అందుకేననీ అతని సిద్ధాంతం. తలుపు మీద "తలుపు" అని రాశాడు. కిటికీ మీద "కిటికీ", బీరువా మీద "బీరువా". కాగితం ముక్కల మీద కాదు, ఎనామిల్ పెయింటుతో, జానెడు అక్షరాలతో, ఎరుపుకి నల్లనీడ కొట్టి మరీ రాశాడు. పిడుగు వెనకాలే నడుస్తూ ప్రతి అక్షరం మీదా వేలు పెట్టింది. వేలు ఎర్రబడింది గానీ కడుపునొప్పి రాలేదు.

ఆ ఊపులో బయటికొచ్చి వీధి గోడ మీద "ఇల్లు" అని రాశాడు.

"అమ్మని కూడా రాయి నాన్నా," అంది పిడుగు.

అమ్మని రాస్తుండగా ఫోను మోగింది. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని చెప్పుల షాపువాడితో మాట్లాడుతూనే పని పూర్తిచేశాడు. ఇరవై ఏళ్ళుగా ఖాళీ స్థలాల గోడల మీద ఒకే మాట రాసి రాసి అలవాటుపడిన చెయ్యి, "అమ్మ" దగ్గర ఆగలేదు. గోడ మీద "ఇల్లు అమ్మబడును" అని ముత్యాల్లాంటి అక్షరాలు వెలిశాయి. పెయింటరు నాలుగడుగులు వెనక్కి వేసి ఎక్కడైనా వంకర పోయిందేమో చూసుకున్నాడు. పోలేదు. బోర్డులు రాసేవాళ్ళు అక్షరం చూస్తారు గానీ అర్థం చూడరు.

అరగంటలో ఎవరో భార్యాభర్తలిద్దరు స్కూటరు దిగి, ఇల్లు చూడొచ్చా అని అడిగారు. తన ఉపాయం అప్పుడే వీధులు దాటిపోయిందనుకుని పెయింటరు పొంగిపోయాడు, గదిగదికీ తిప్పి చూపించాడు. ఏది తలుపో ఏది కిటికీయో ఇంత నిజాయితీగా రాసిపెట్టిన ఓనర్ని తామెక్కడా చూడలేదన్నారు వాళ్ళు. ఇదంతా ఎందుకని అడిగితే పాప చదువు కోసమేనన్నాడు. ఆవిడకి కళ్ళు చెమర్చాయి.

"ఎప్పటికి అయిపోవాలనుకుంటున్నారు?" అన్నాడు ఆయన.

"నెలాఖరు దాటకూడదండీ. దాటితే పిల్లకి ఏడాది పోతుంది."

ఇద్దరూ బరువుగా తలలూపి వెళ్ళారు. పదకొండయ్యేసరికి ఇంకో మూడు కుటుంబాలు వచ్చాయి. ఒకాయన టేపు తీసి వంటగది కొలవడం మొదలుపెట్టాడు. ఎందుకో అర్థం కాకపోయినా పెయింటరు రెండో కొస పట్టుకున్నాడు.

పన్నెండింటికి పక్క వీధి నుంచి ఇంటి ఓనరు వచ్చాడు. అవును, ఆ ఇల్లు పెయింటరుది కాదు, అద్దెది.

"నాకు చెప్పకుండా నా ఇల్లు అమ్మేస్తున్నావటయ్యా?"

"ఎవరన్నారండీ?"

"నీ చేతిరాతే అంటోంది. వచ్చి చూడు."

అందరూ గోడ ముందు నిలబడ్డారు. ఎంత చూసినా పెయింటరుకి ఇల్లూ అమ్మా తప్ప ఇంకేమీ కనబడలేదు. అప్పుడు పిడుగు ముందుకొచ్చి, ఎర్ర వేలు గోడ మీద పెట్టి, ఒక్కో అక్షరమే తాకుతూ చదివింది.

"ఇల్లు. అమ్మ. బ... డు... ను. పొద్దున్నే చదివాను నాన్నా. బడును అంటే ఏంటి?"

ఎవరూ నేర్పని మాట, పిల్ల తనంతట తనే చదివింది. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. పెయింటరు, ఓనరు ఉన్నాడన్న సంగతే మరిచిపోయి, కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ చదవమన్నాడు. పిడుగు మళ్ళీ చదివింది, ఈసారి వీధంతా వినబడేలా. దాంతో ఎదురింటివాళ్ళు కూడా ఇల్లు చూడ్డానికి బయల్దేరారు.

సాయంత్రంలోగా ఆ రాత పోవాలి, లేదంటే మీరే ఖాళీ చెయ్యాలి అన్నాడు ఓనరు. పెయింటరు తెల్లరంగు కలిపాడు. పిడుగు గోడకి అడ్డంగా నిలబడింది. తను చదివిన మొదటి వాక్యం అది, చెరిపితే ఇంక జన్మలో ఏదీ చదవనంది. అటు ఇల్లు, ఇటు పిల్ల. పెయింటరు బ్రష్షు డబ్బాలో ముంచాడు, తీశాడు, మళ్ళీ ముంచాడు.

"'ను' తీసెయ్. 'డు'కి కొమ్ము తీసి గుడి పెట్టు," అంది పిడుగు. "'బడి' నాకొచ్చు."

కాసేపట్లో గోడ మీద "ఇల్లు అమ్మ బడి" మిగిలింది. ఓనరు రెండుసార్లు చదువుకున్నాడు. అమ్మకం ఎక్కడా కనబడలేదు. గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయం, బీరువా గురించి పెట్టాల్సిన చివాట్లు ఇంకా సగం మిగిలుండగానే, భార్య డ్యూటీకని తలుపు తీసి అలాగే నిలబడిపోయింది. గుమ్మం ముందు పలకలతో ఎనిమిది మంది పిల్లలు. గోడ మీద "అమ్మ బడి" చూసి తల్లులు చేర్పించడానికి తీసుకొచ్చారు. అందరికంటే ముందు, మనవరాలి చెయ్యి పట్టుకుని ఇంటి ఓనరున్నాడు. పుస్తకం తెరిస్తే పిల్లకి తలనొప్పి వస్తోందని మెల్లగా చెప్పాడు.

పిడుగు తల్లిని దాటుకొచ్చి చేతులు అడ్డంగా చాపింది. "తలుపు చదివినవాళ్ళే లోపలికి రావాలి," అంది.

మనవరాలు వేలు పెట్టి కూడబలుక్కుని చదివి లోపలికి దూరింది. వెనకే రాబోయిన ఓనర్ని పిడుగు ఆపింది. ఇది తన ఇల్లేనని అతను గుర్తుచేశాడు. ఆ సంగతి గోడ మీద ఎక్కడా రాసి లేదంది పిడుగు. ఓనరు గొంతు సవరించుకుని "తలుపు" అన్నాడు. వేలు పెట్టలేదని మళ్ళీ చదివించింది.

రెండోసారికి పాసయ్యాడు.