పది కుర్చీల టెంటు

"దండెం తాడు విప్పేస్తే ఈ తడిబట్టలు నా నెత్తి మీద ఆరేసుకోనాండీ?" అంది పుష్పలత, పిండిన దుప్పటి రెండు చేతుల మీదా వేసుకుని.

"ఒక్క రోజుకే కదా పుష్పా. టెంటు కట్టడానికి తాడు కావాలి" అన్నాడు ఆంజనేయప్రసాద్, ముడి విప్పుతూనే.

"బజార్లో దొరకదా?"

"దొరుకుతుంది. ఇది ఇంట్లోనే దొరికింది."

ఈ సంవాదం పావుగంట సాగి, చివరికి తాడు ఆయనకీ, తడి దుప్పటి పిట్టగోడకీ దక్కాయి. పుష్పలత ఇంకో రెండు మాటలు అనేదే గానీ, వరసగా ఏడు తుమ్ములు వచ్చి అడ్డుపడ్డాయి.

అసలు ఈ ప్రయాణమే ఆ తుమ్ముల కోసం. అమలాపురంలో వాళ్ళ పెరట్లో కొత్తపల్లి కొబ్బరి మామిడిచెట్టు ఉంది. దాని కొమ్మ ఒకటి పడగ్గది కిటికీలోకి తొంగిచూస్తూ ఉంటుంది. ఏటా మాఘమాసంలో చెట్టు పూతకొచ్చిందంటే పుష్పలతకి కళ్ళు వాస్తాయి, ముక్కు మూసుకుపోతుంది, నెల్లాళ్ళు నోటితోనే ఊపిరి. ఆ కొమ్మ ఒక్కటీ కొట్టించమని పద్నాలుగేళ్ళుగా అడుగుతోంది. కానీ చెట్టు అత్తగారు కనకమహాలక్ష్మి స్వహస్తాలతో నాటింది. "పూతకి తుమ్ములేవిటే? మా రోజుల్లో ఆ చెట్టు కిందే పడుకుని, కాయ రాలిన చప్పుడికి లేచేవాళ్ళం" అని ఆవిడ కొట్టిపారేస్తుంది.

ఈ ఏడు కాకినాడ డాక్టరు, పూత లేని చోట ఒక్క రాత్రి పడుకుని చూడమన్నాడు. కోనసీమలో పూత లేని చోటంటే సముద్రం ఒక్కటే. అందుకని శనివారం మధ్యాహ్నం మూడింటికి వ్యానులో ఓడలరేవు వెళ్ళి, ఇసుకలో టెంటు వేసుకుని, పదేళ్ళ కూతురు దుర్గాశ్రీతో సహా ముగ్గురూ అక్కడే పడుకుని, మర్నాడు తిరిగి రావాలని అనుకున్నారు. ఒక్క రాత్రి ముక్కుతో ఊపిరి పీల్చాలి. పుష్పలత కోరికల్లా అంతే.

అత్తగారికి ఇది నచ్చలేదు. "కొంప ఉండగా ఇసకలో పడుకోడవేవిటి?" అని రాత్రంతా గొణిగి, తెల్లవారగానే మొదటి బస్సుకి వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్ళింది. ఎలాగూ ఉగాది వెళ్ళిందంటే ఆవిడ రాజోలులో పెద్దకొడుకు దగ్గరికి పోయి, వానలు పడేదాకా అక్కడే ఉంటుంది. ఏటా ఆ మూడు నెలలూ పుష్పలత పొద్దున్న ఆరున్నర దాకా పడుకుంటుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పదు.

టెంటు పని ఆంజనేయప్రసాద్ చూసుకున్నాడు. పెళ్ళిళ్ళకీ వాటికీ షామియానాలు అద్దెకిచ్చే వెంకటరాజుని అడిగితే, "చిన్నది ఒకటే ఉందండి, తెల్లది. దాంతో పది కుర్చీలు వస్తాయండి" అన్నాడు.

"సముద్రం ఒడ్డున కుర్చీలెందుకండీ?"

"కుర్చీల్లేకుండా టెంటు పంపిన అలవాటు లేదండి మాకు."

పొద్దున్న ఏడింటికల్లా రిక్షాలో రెండూ దిగాయి. ముందొకసారి కట్టి చూసుకోవడం మంచిదని ఆంజనేయప్రసాద్ ఇంటి ముందే టెంటు కట్టాడు. దుర్గాశ్రీ పది కుర్చీలూ తెచ్చి, బళ్ళో లాగా రెండు వరసలు వేసింది. అరుగు మీద మిగతా సామాను చేరింది. అదనంగా రెండు వెదురుగెడలు, మిగిలిన తాడు, మంచినీళ్ళకి కొత్త కుండ, వంటకి కట్టెల మోపు, దోమలకి సాంబ్రాణి. పుష్పలత అన్నీ ఒకసారి చూసుకుంది. ఏదీ మర్చిపోలేదనిపించింది. ఆంజనేయప్రసాద్ వ్యాను మాట్లాడటానికి స్కూటరు మీద వెళ్ళాడు.

అప్పుడే పాలు పోసే చిట్టెమ్మ వచ్చి వీధిలోనే ఆగిపోయింది. టెంటు చూసింది. కుర్చీలు చూసింది. గెడలూ, తాడూ, కుండా, కట్టెలూ చూసింది. తలంటుకుని జుట్టు విరబోసుకుని, ఎర్రగా వాచిన కళ్ళతో, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చిన పుష్పలతని చూసింది. రోజూ అరుగు మీద కూర్చుని పాలలో నీళ్ళెన్నో చెప్పే పెద్దావిడ మాత్రం కనిపించలేదు.

"పెద్దమ్మగారేరండి?" అంది మెల్లగా.

చెబుదామని నోరు తెరిచేసరికి తుమ్ము ముక్కు కొస దాకా వచ్చి ఆగింది. పుష్పలత కొంగు నోటికి అదుముకుని, చెయ్యి అడ్డంగా ఊపి, లోపలికి పరుగెత్తింది.

చిట్టెమ్మ ఆ పూట కొసరుతో సహా పాలు పోసి, కళ్ళొత్తుకుంటూ వెళ్ళింది. ఆ వీధిలో ఆమె పాలు పోసే ఇళ్ళు పద్దెనిమిది.

పుష్పలత పసుపు వేసిన వేణ్ణీళ్ళ గిన్నె ముందు పెట్టుకుని, దుప్పటి ముసుగేసుకుని అరగంట ఆవిరి పట్టింది. ముసుగు తీసి వీధిలోకి వచ్చేసరికి ఏడు కుర్చీలు నిండి ఉన్నాయి.

ముందు వరసలో పక్కింటి ప్రభాకరరావు మాస్టారూ, ఆయన భార్య హన్నా టీచరుగారూ ఉన్నారు. టెంటు చూడ్డానికి వచ్చారనుకుంది పుష్పలత. హన్నాగారు లేచి వచ్చి ఆమెని దగ్గరికి తీసుకుంది.

"ధైర్యంగా ఉండాలమ్మా. అంతా ప్రభువు చిత్తం."

"ఒక్క రాత్రికే కదండీ" అంది పుష్పలత కళ్ళు తుడుచుకుంటూ. "రేపు మధ్యాహ్నానికి అంతా మామూలే."

హన్నాగారు భర్త వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఎన్నింటికి అనుకున్నారమ్మా?"

"మూడింటికండి. ఓడలరేవులో, సముద్రం ఒడ్డున."

"అంత దూరవా! ఇక్కడ కాలవగట్టు ఉండగా..."

"అక్కడైతే గాలి బాగుంటుందనండి."

"పెద్దావిడ కోరికా అమ్మా అది?" అంది హన్నాగారు.

"అబ్బే, ఆవిడకి బొత్తిగా ఇష్టం లేదండి. రాత్రంతా వద్దనే గొడవ. ఈయనే పట్టుబట్టేరు." అని పుష్పలత ముక్కు చీదుకుంది.

మాస్టారు నెమ్మదిగా లేచి తమ ఇంటికి వెళ్ళి, రాజోలు ఫోన్ చేశాడు. "ఏవండీ సూర్యప్రకాశరావుగారూ, అమ్మగారి కబురు మీకు తెలిసే ఉంటుంది. మీ తమ్ముడు మీరు రాకుండానే మూడింటికి కానిచ్చేసేలా ఉన్నాడండి. అదీ ఓడలరేవులోనట. దుఃఖంలో మతి చలించినట్టుంది. వెంటనే బయల్దేరండి."

ఇక్కడ ఇరవై కిలోమీటర్ల ప్రయాణానికి వీధి వీధంతా సాగనంపడానికి వచ్చిందని పుష్పలత మురిసిపోయింది. చిట్టెమ్మ పోసిన చిక్కటి పాలతో అందరికీ కాఫీ పెట్టింది. ఒక్కరూ ముట్టలేదు. అది మాత్రం ఆమెకి కొంచెం కష్టంగానే తోచింది.

పన్నెండు కావస్తుండగా అంబాసిడర్ కారు వచ్చి ఆగింది. పుష్పలత బావగారు సూర్యప్రకాశరావు తలుపు తెరవకముందే "అమ్మా!" అని గొల్లుమన్నాడు. వెనకే తోటికోడలు మాణిక్యం పమిట మొహానికి అడ్డం పెట్టుకుని దిగింది.

"ఏడీ ప్రసాదుగాడు? పెద్దకొడుకుని నేను బతికుండగా తలకొరివి వాడెలా పెడతాడమ్మా!"

పుష్పలత కాఫీ పళ్ళెంతో నిలబడిపోయింది. తెల్ల టెంటు, కుర్చీలు, గెడలు, తాడు, కొత్త కుండ, కట్టెల మోపు... పొద్దున్న చూసుకున్న సామానే మళ్ళీ ఒక్కొక్కటిగా చూసుకుంది. నిజమే. ఏదీ మర్చిపోలేదు.

"అయ్యో బావగారూ, అత్తయ్యగారు..." అనబోయింది. తుమ్ములు అందుకున్నాయి. నాలుగో తుమ్ముకి వీధి మలుపులో రిక్షా తిరిగింది. అందులో కనకమహాలక్ష్మి, ఒళ్ళో వాడపల్లి ప్రసాదం పొట్లం.

ఆవిడా టెంటు దగ్గర్నించి కట్టెల దాకా అన్నీ చూసింది. పెద్దకొడుకు ఏడుస్తున్నాడు. కోడళ్ళిద్దరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. మనవరాలు కుర్చీలో ఉంది. కనపడనివాడు చిన్నకొడుకు ఒక్కడే.

"నాయనా ప్రసాదూ!" అని రిక్షాలోనే గుండెలు బాదుకుంది.

మళ్ళీ వచ్చి జనంలో నిలబడ్డ చిట్టెమ్మ కెవ్వుమని హన్నాగారి వెనక్కి వెళ్ళిపోయింది. సూర్యప్రకాశరావు ఏడుపు కుళాయి కట్టేసినట్టు ఆగింది. "అమ్మా?" అన్నాడు, ఈసారి వేరే గొంతుతో.

సరిగ్గా అప్పుడు ఆంజనేయప్రసాద్ స్కూటరు దిగాడు. వ్యాను కోసం ముక్తేశ్వరం దాకా వెళ్ళి వస్తున్నాడాయన. వీధిలోని జనాన్ని ఆ చివర్నించి ఈ చివరిదాకా చూసి, "ఇంతమందికి వ్యాను చాలదండి" అన్నాడు.

ఎవరు ఎవరి కోసం ఏడ్చారో తేలడానికి అరగంట పట్టింది. కానీ అంతదూరం నుంచి ఏడుస్తూ వచ్చినవాళ్ళని అన్నం పెట్టకుండా ఎలా పంపుతారు? ఓడలరేవుకని చేసిన పులిహోరకి తోడు పుష్పలత అన్నం, పప్పుచారు వండింది. ఆ తెల్ల టెంటు కిందే ఆకులు వేశారు. మూడింటికి వ్యాను వచ్చి, కాసేపు హారన్ కొట్టి, చివరికి డ్రైవరు కూడా ఒక ఆకు ముందు కూర్చున్నాడు.

"అన్నీ పొరపాటే అనుకుందావండి" అంది చిట్టెమ్మ, పులిహోర కలుపుకుంటూ. "మరి ఈ చిన్నమ్మగారి కళ్ళు పొద్దున్నించీ అలా ఎందుకు వాచిపోయేయండి? నోట మాటైనా రాలేదండి, మీరేరని అడిగితే."

"నాకు అర్థమైంది" అంది హన్నాగారు. "మీకు ఇష్టం లేదనీ, రాత్రంతా గొడవైందనీ నాతో చెప్పి కళ్ళు తుడుచుకుందండీ. మీరు కష్టపెట్టుకుని వెళ్ళేరని బెంగ."

కనకమహాలక్ష్మి ముద్ద ఆపి కోడలి మొహంలోకి చూసింది. పద్నాలుగేళ్ళలో ఆ కళ్ళని అంతసేపు చూడటం అదే మొదలు.

"నేను వాడపల్లి వెళ్తే ఇంత ఏడ్చేవుటే, పిచ్చిదానా?"

"అది కాదత్తయ్యగారూ, మామిడి పూత..."

"ఊరుకో. ఇంకా పూతంటూ దాస్తావెందుకు?" ఆవిడ చిన్నకొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్ ప్రసాదూ, సోమవారం మనిషిని పిలిచి ఆ కిటికీ దగ్గర కొమ్మ కొట్టించెయ్. ఈ పిల్ల నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే."

పుష్పలత చేతిలో గరిటె ఆగిపోయింది. సముద్రం, టెంటు, పద్నాలుగేళ్ళ తుమ్ములు, అన్నీ ఒక్కసారిగా దూరంగా జరిగిపోయినట్టనిపించింది.

"ఇంకో మాట" అంది అత్తగారు, మజ్జిగ పోయించుకుంటూ. "ఉగాదికి నేను రాజోలు రాను. ఈ ఏడే కాదు, ఏ ఏడూ రాను. పూట కనపడకపోతేనే ఇలా అయిపోయిందాన్ని మూడు నెల్లు వదిలిపెట్టి ఎలా వెళ్ళను?"

"అలాగే అత్తయ్యగారూ" అంది మాణిక్యం, నోట్లో ముద్ద మింగకుండానే.

అందరూ పుష్పలత వైపు చూశారు. ఆమె కళ్ళ నిండా మళ్ళీ నీళ్ళు తిరిగాయి. ఈసారి వాటికి మామిడి పూతతో ఏ సంబంధమూ లేదు.