మా ఇంటి ఉప్పునీళ్ల పాచి వర్ధిల్లాలి!

ప్రతి ఇంట్లోనూ ఒక ఉప్పునీళ్ల చేపల తొట్టి ఉండాలి. దానికి పాచి పట్టాలి. ఏదో కొంచెం కాదు, అవతల ఏముందో కనబడనంత పట్టాలి! పాచి లేని ఇళ్లను చూస్తే నాకు జాలి. ఆ ఇంటి తల్లులు పొద్దున లేచి దేన్ని చూసి భయపడతారు పాపం?

సైన్సు నన్నడగకండి. నేను చదివింది ఎనిమిది. అనుభవం అడగండి, కావలసినంత ఉంది.

తమిళనాడులోని మా ధర్మపురికీ సముద్రానికీ ఏ చుట్టరికమూ లేదు. చూడాలంటే ఒక పూటంతా బస్సులో కూర్చోవాలి. అయినా నల్లంపల్లి పక్కనున్న మా ఇంటి నడిమింట్లో ఇప్పుడు సముద్రం ఉంది. మూడడుగుల గాజు తొట్టి. అందులో ఉప్పు సంచిలో వస్తుంది, అల మోటారులో వస్తుంది, ఎండ ట్యూబులైటులో వస్తుంది. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న రెండు చేపలు ఈ ఏర్పాటును నిజమని నమ్మి తిరుగుతుంటాయి.

తొట్టి మా అమ్మాయి ఉషది. ఏడో నెలలో గాజులు తొడిగి హోసూరు నుంచి కాన్పుకు తెచ్చుకున్నాము. అల్లుడు ప్రతాప్‌కు ఫ్యాక్టరీలో షిఫ్టులు. చేపలను చూసుకోవడానికి తీరదని వాటినీ అదే వ్యానులో ఎక్కించాడు. ఒక్కతే వస్తుందనుకున్నాను, ముగ్గురు దిగారు. కడుపులో ఉన్నదాన్ని లెక్కేస్తే నలుగురు.

పోయినేడు ఉషకు ఒక కడుపు మూడో నెలలోనే చెదిరిపోయింది. అందుకని ఈసారి భయపడే పని మొత్తం నేనే కాంట్రాక్టుకు తీసుకున్నాను. బిడ్డ క్షేమంగా బయటపడాలి. ఇంతకంటే నాకు వేరే కోరిక లేదు, వేరే ధ్యాస లేదు.

తొట్టి రాకముందు నా భయాలు పది దిక్కులా చెదిరి ఉండేవి. హైవే మీద లారీలు, గ్యాసు సిలిండరు, ఛార్జింగులో పెట్టిన ఫోను, సాంబారులో పడబోయే బల్లి, రాబోయే గ్రహణం! దేనికీ సరిగా న్యాయం చేయలేకపోయేదాన్ని. పాచి వచ్చింది. నా భయాలన్నీ ఒకే గాజు పెట్టెలో, ఒకే రంగులో, కంటి ముందు కుదురుకున్నాయి. డాక్టరు చేయలేని పని ఇది!

మొదట గోధుమ రంగు పొడిలా వచ్చింది. తర్వాత పచ్చటి జుట్టు మొలిచింది. రాళ్లకు జుట్టు, మోటారుకు జుట్టు. మా ఆయన జయరామ బట్టతల తడుముకుంటూ ముప్పై ఏళ్లలో మొదటిసారి అసూయతో ఒక రాయిని చూశాడు.

పాచి వల్ల కుటుంబ ఐక్యత పెరుగుతుంది. పొలం నుంచి వస్తే టీవీ తప్ప మనిషిని చూడని మా ఆయన, పళ్లు తోమే బ్రష్షు పట్టుకుని నా పక్కన నిలబడి రాళ్లు తోముతున్నాడు. పెళ్లినాడు ఏడడుగులు నడిచాక మేమిద్దరం కలిసి చేసిన పని ఇదే.

భక్తి కూడా పెరుగుతుంది. పాచిని తింటాయని సేలంలో చేపల కొట్టు నడిపే సెల్వరాజ్ సముద్రపు నత్తలు పంపాడు. వాటిలో ఒకటి తొట్టి దాటి వచ్చి పూజ గూట్లో కుంకుమ భరిణె మీద కూర్చుంది. పక్కింటి పచ్చయమ్మాళ్ చూసి కర్పూరం వెలిగించింది. నత్త భయపడి లోపలికి ముడుచుకుంటే, “సామి కన్ను మూడిడుచ్చు,” అని చెంపలు వేసుకుంది. దేవుడు కళ్లు మూసుకున్నాడట! ఒకరి భక్తిని చెడపడానికి మనమెవరం?

చుట్టాలు కూడా జాగ్రత్తగా మాట్లాడతారు. వెలుతురు లేకపోతే పాచి చస్తుందని మూడు రోజులు తొట్టికి నల్ల దుప్పటి కప్పాము. కడత్తూరు నుంచి వచ్చిన జయలక్ష్మమ్మ వదిన గడపలోనే చెప్పులు విడిచి, గొంతు తగ్గించింది.

“ఎవురికి వదినా?”

“చేపలకు.”

“అయ్యో, ఎన్నాళ్ల నుంచి?”

కాఫీ కూడా అడగకుండా పోయింది. ఇంతటి మర్యాద మా ఇంటికి ఎప్పుడైనా దక్కిందా?

ఇక అసలు విషయానికి వస్తాను. పాచి విలువ నాకు పూర్తిగా తెలిసింది ఒక మాట వల్ల.

డాక్టరు ఉషను రోజూ నడవమన్నాడు. డాక్టరుకేం, అతను పోయినేడు మా ఇంట్లో లేడు. నేను నడవనివ్వలేదు. లోపలి గదిలో మంచం మీద పడుకోబెట్టి, తొట్టి బాధ్యత, దానితోపాటు ఫోనూ నా చేతికి తీసుకున్నాను. ఫోను పొట్ట దగ్గర పెట్టుకోకూడదని ఎవరో అన్నారు. ఉష ముందే పంపిన తొట్టి ఫొటో చూసి ఆ ఫోనుకు సెల్వరాజ్ మెసేజి పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తమిళం. కూడబలుక్కుని చదివాను: “పసి అధికమాయిడుచ్చు. విట్టా మీన్ సెత్తుడుం.”

పసి ఎక్కువైపోయింది, వదిలేస్తే చేప చచ్చిపోతుంది!

తమిళంలో పసి అంటే ఆకలి. మన తెలుగులో పసి అంటే బిడ్డ. బిడ్డ, ఆకలి, చావు మూడూ ఒకే మెసేజిలో వస్తే, ఏడో నెల కూతురిని ఇంట్లో పెట్టుకున్న ఏ తల్లి చెయ్యి ఊరుకుంటుంది చెప్పండి?

పెట్టాను. మొదట చేపల మేత పెట్టాను, పూటకు రెండు గుప్పిళ్లు. మేత అయిపోయింది. ఇడ్లీ పెట్టాను. రాగి సంగటి చిన్న చిన్న ముద్దలు చేసి పెట్టాను. ఉడికించిన గుడ్డులో పచ్చసొన తీసి పెట్టాను. ఉషకు ఏది వండితే అది ముందు తొట్టికి! నాలుగు రోజులు. చేపలు తిన్నంత తిని, మిగిలినదాన్ని చూసి నాలాగే భయపడ్డాయి.

ఐదో రోజు పొద్దున తొట్టిలో సముద్రం లేదు. నాటు వేసిన మడి ఉంది.

నా కేకకు ఉష కడుపు పట్టుకుని లేచి వచ్చింది. తొట్టిని చూసింది, మెసేజి చూసింది.

“అమ్మా, ఇది పసి కాదు. పాసి! పాసి అంటే పాచి. పాచి ఎక్కువైంది, వదిలేయొద్దని చెప్పినాడు ఆయప్ప. మేత వేసేకొద్దీ అది ఇంకా పెరుగుతాది.”

“అట్లయితే దీర్ఘం పెట్టి రాయాల్సింది కదా వాడు!”

“ఇంగ్లీషులో దీర్ఘం యాడ పెడతాడమ్మా? నువ్వేమి పెట్టినావు దీనికి?”

“నీకు పెట్టిందే.”

ఉష తొట్టిలో తేలుతున్న సంగటి ముద్దను చూసింది. తర్వాత నన్ను చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియక పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

“సగం నీళ్లు ఇప్పుడే మార్చల్ల. లేకుంటే సాయంత్రానికి రెండూ పోతాయి,” అంది. చిన్న సీసాల్లో నీళ్లు పట్టి, చుక్కల మందు వేసి, రంగు చూసింది. ప్రతి శనివారం ఆ తొట్టి నీళ్లకు ఈ పరీక్ష జరుగుతుంది. మా వీధిలో పదో తరగతి పిల్లలు కూడా అన్ని పరీక్షలు రాయరు.

చేపల కోసం స్నానాల గదిలో ఒక ఫిల్టరు మిషను ఉంది. సన్నటి ధారగా కారుతుంది. ఆ నీళ్లలోనే సంచి ఉప్పు కలిపి తొట్టిలో పోస్తారు. వచ్చిన రోజే ఉష ఆ నీళ్లు తాగుతానంది. నేను ఒప్పుకోలేదు. చప్పిడి నీళ్లు, బిడ్డకు బలం ఎట్లా వస్తుంది? పైగా మిషను! అందుకని మా బోరు నీళ్లే రెండుసార్లు మరగకాచి, గుడ్డలో వడగట్టి, ఇత్తడి బిందెలో చల్లార్చి తాగిస్తున్నాను. నా జాగ్రత్త అట్లాంటిది.

మిషను ధార కోసం కాచుకుంటే చేపలు బతకవనుకున్నాను. సంగటి పెట్టిన చేతులు నావి. వాటి ఉసురు తగిలితే ఎవరికి తగులుతుంది? ఉషకు కాచి పెట్టిన బిందె పరుగున తెచ్చి తొట్టి మీదికి ఎత్తాను.

“పోయొద్దమ్మా! పోయొద్దు! సచ్చిపోతాయి!”

“కాచినవే ఇవి! రెండు తూర్లు కాచినాను!”

“కాస్తే పురుగు పోతాది, ఉప్పు పోదు. ఇది సముద్రం ఉప్పు కాదు, బండరాళ్ల ఉప్పు. కాచేకొద్దీ ఇంకా చిక్కబడతాది.” నీళ్లలో కరిగిన ఉప్పు లెక్క చూపే పెన్నులాంటి మీటరు తీసి బిందెలో ముంచింది. అంకెలు పైకి ఎక్కుతూ పోయాయి. పన్నెండు వందల ఎనభై దగ్గర నిలిచాయి. అదే మీటరు మిషను నీళ్లలో పెడితే మూడు.

“చూడు. ఈ నీళ్లు పోస్తే చేపలు తట్టుకోలేవు.”

“ఇవి నువ్వు తాగే నీళ్లు కదే?”

మోటారు అల కొడుతూనే ఉంది. ఉష చెయ్యి మెల్లగా కడుపు మీదికి పోయింది.

“మనకు అలవాటే గదా,” అన్నాడు మా ఆయన వాకిట్లోంచి. అతని ముందు పళ్ల మీద ఈ బోరు నీళ్లు పెట్టిన గోధుమ చారలున్నాయి. నాకూ ఉన్నాయి. ఈ వీధిలో అవి లేకుండా నవ్వే మనిషి కనబడితే, పెళ్లి చేసుకుని వేరే ఊరి నుంచి కొత్తగా వచ్చినదని అర్థం.

ఇన్నాళ్లుగా సరైన చోట భయపడని తల్లిని నేను. లారీకి భయపడ్డాను, బల్లికి భయపడ్డాను, మిషనుకు భయపడ్డాను. బిందెకు భయపడలేదు.

ఆ మధ్యాహ్నమే మిషను స్నానాల గది నుంచి వంటింటికి మారింది. ముందు ఉష తాగుతుంది, మిగిలితే చేపలు. ఆ మిగులుతోనే చీకటిపడేలోగా సగం నీళ్లు మార్చాము; చేపలు ఇంకా బతికే ఉన్నాయి, కోపంగా. నీళ్ల సంగతి చెబితే డాక్టరు ఉషకు కొత్త పరీక్షలేవో రాశాడు. శుక్రవారం ఫలితం వస్తుంది. అంతదాకా నేను భయపడుతుంటాను, ఈసారి పద్ధతిగా.

ఇప్పుడు చెప్పండి, పాచి వరమా కాదా? గాజు మీద కాస్త పచ్చదనం కనబడితే సేలం నుంచి సెల్వరాజ్ మెసేజి పెట్టాడు, సీసాలు వచ్చాయి, చుక్కలు వచ్చాయి, మీటరు వచ్చింది. మా పళ్లు ముప్పై ఏళ్లుగా గోధుమ రంగులో ఉన్నాయి, ఒక్కరూ ఒక్క సీసా తేలేదు! తప్పు మాదే. మేము పచ్చబడలేదు.

తాగే నీళ్లు పరీక్ష చేయండని మా వీధి ఆడవాళ్లం పంచాయతీ ఆఫీసుకు ఇంతకుముందు మూడు అర్జీలు ఇచ్చాము. మనుషుల పేర్లతో ఇచ్చాము, అందుకే ఎవరూ రాలేదు. నాలుగోది నిన్న నేనే రాశాను. “అయ్యా, మా ఇంట్లో రెండు సముద్రపు చేపలున్నాయి. ఈ ఊరి నీళ్లు వాటికి ప్రాణాపాయం. దయచేసి వెంటనే కవనించి, వచ్చి చూడగలరు” అని. కింద పచ్చయమ్మాళ్ వేలిముద్ర కూడా వేయించాను, సాక్షిగా.

ఈసారి తప్పకుండా వస్తారు. ఎండన పడి వస్తారు కాబట్టి గడప ఎక్కగానే తాగడానికి నీళ్లివ్వాలి. బిందెలోవి ఇవ్వాలా, మిషనువి ఇవ్వాలా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు.