మెకానిక్ వస్తే మంచిగయ్యే ఇన్వర్టర్

ఖరాబైన ఇన్వర్టర్ ఇంట్ల ఉండుడు మనిషికి అదృష్టం! ఎవలన్న కాదంటే రాండ్రి, పేతురు బోధన్ బస్టాండ్ల నిలబడి వాదిస్తడు. మంచిగ పనిచేసే ఇన్వర్టర్ కొనుక్కున్నోళ్లను చూస్తే ఆయనకు జాలైతది.

పేతురంటే ఎవలో కాదు, వారం వారం ఈ కాలమ్‌ల కరెంటోళ్లను ఉతికి ఆరేసే మనిషే. మరి ‘నేను’ అని రాసుకోవచ్చు గద, అంటరా? రాసుకోవచ్చు. కానీ ఈసారి జరిగిన కథకు మొహం చెల్లక, పక్కింటాయన ముచ్చట చెప్పినట్టు చెప్పుకుంటున్నడు. మీరు గూడ ఎవలదో అనుకుని చదువుండ్రి, ఆయన ఇజ్జత్ కొంతన్న మిగుల్తది.

పేతురుకు చెరుకు కాంటా కాడ గుమస్తా పని. ఆయన తల్లి శారమ్మకు ఈ ఎండకాలం షురూల నిజామాబాద్‌ల కంటి ఆపరేషన్ అయింది. డాక్టరు నల్లద్దాలు పెట్టి, పేతురును పక్కకు పిలిచి గట్టిగ చెప్పిండు. “కంట్లోకి చెమట దిగకూడదు. దిగితే చీము పట్టి చూపు పోవచ్చు. ఫ్యాన్ కిందనే ఉంచండి.”

ఫ్యాన్ ఉంది. కరెంటేది? ఇది రెండు వేల ఒకటో సంవత్సరం ఎండకాలం. బోధన్‌ల పొద్దుగూకంగనే కరెంటు పోతది, ఎప్పుడొస్తదో పంపేటోళ్లకు గూడ తెల్వదు. మునుపు దీపాలు పెట్టే యాళ్ల అనేటోళ్లు. ఇప్పుడు దీపాలు పోయే యాళ్ల అనాలె.

అందుకే పేతురు ఇన్వర్టర్ తెచ్చిండు. తెచ్చి అవ్వ మంచం పక్కనే పెట్టించిండు. అవ్వ ఫ్యాన్‌కొక వైరు, నడిమింట్ల ట్యూబ్‌లైట్‌కొక వైరు గుంజిండ్రు. పెట్టె ముందర ఎర్రగ వెలిగే బటనొకటి ఉన్నది. “ఇది వేసి ఉంటేనే కరెంటు పోయినా నీ ఫ్యాన్ తిరుగుతదవ్వా. బంద్ చేస్తే తిరగది” అని చిన్న పోరగాండ్లకు చెప్పినట్టు చెప్పిండు. అవ్వ తలకాయ ఊపింది.

మొదటి దినం కరెంటు పోంగనే గల్లీ అంత పేతురింట్లనే ఉన్నది. పక్కింటి గంగమణి మక్క గుడాలు తెచ్చింది. ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే, ఫ్యాన్ తిరుగుతుంటే, పేతురు నడుమ నిలబడి బ్యాటరీ ఎట్ల పనిచేస్తదో ఉపన్యాసం ఇచ్చిండు. ఆయనకు తెలిసింది పావు వంతు, చెప్పింది రెండింతలు. కరెంటు వచ్చేదాక ఇన్వర్టర్ కూడ ఓపికగ విన్నది.

రెండో దినం పొద్దుగూకింది, కరెంటు పోయింది. ఇంట్ల ఇంటోళ్లే ఉన్నరు. ట్యూబ్‌లైట్ ఒక్కసారి వెలిగి, కండ్లు మూసి తెరిచేంతల ఆరిపోయింది. అవ్వ గదిల ఫ్యాన్ ఆగింది. పేతురు టార్చిలైట్ పట్టుకుని ఉరికిండు. పెట్టె మీద ఎర్ర బటన్ కిందికి పడి, బంద్ అయి ఉన్నది.

“కరెంటు పోయింది బిడ్డా” అన్నది అవ్వ, మంచం మీదికెల్లి.

తెల్లారి తుకారాం అనే మెకానిక్ వచ్చిండు. ధర్మాబాద్ దిక్కు మనిషి, సగం మరాఠీల, సగం మన తీర్గ మాట్లాడ్తడు. పేతురు పెండ్లాం యేసమ్మ చాయ్ పోసింది. తుకారాం మెయిన్ బంద్ చేసిండు. ఫ్యాన్ తిరిగింది. చాయ్ తాగి, సాసర్ల బిస్కెట్లు గూడ తిని, పక్కింటి ముచ్చట్లు అడిగేదాక తిరిగింది. “బఘా సాబ్, చాల్తయ్ కీ” అన్నడు, చూడు, నడుస్తనే ఉన్నది గద అని. ఇంత మంచిగ నడిచేదాన్ని ఏం రిపేర్ చెయ్యాలె?

“మరి బటన్ ఎట్ల పడ్తుంది?”

“ట్రిప్ అయితుంది సాబ్. అట్ల పడ్డప్పుడు చెయ్యి పెట్టకుండ్రి, బోర్డు కాల్తది. కరెంటు వచ్చినంకనే వెయ్యాలె.”

ఆ సాయంత్రం మళ్ల ట్రిప్. పేతురు చెయ్యి పెట్టలే. చదువుకున్న మనిషి గద, మెకానిక్ చెప్పినట్టు వింటడు.

తుకారాం మళ్ల వచ్చిండు. బ్యాటరీల డిస్టిల్డ్ వాటర్ పోసిండు, వైర్లు బిగిచ్చిండు, ఫ్యూజు మార్చిండు. ఎన్నిసార్లు వచ్చినా ఆయన ముంగట ఇన్వర్టర్ బుద్ధిమంతుడే. ఆయన గల్లీ మలుపు తిరిగినంక, చీకటి పడంగనే దానికి పాత రోగం. బడిల ఇన్‌స్పెక్టర్ వచ్చిన దినమే పాఠం చెప్పే పంతులును పేతురు ఎరుగును గని, అసొంటి ఇన్వర్టర్‌ను ఎరుగడు.

అయినా దీని లాభాలు మీకేం ఎరుక? టీవీ ఉండది గనుక మొగుడు పెండ్లాలు మాట్లాడుకుంటరు. మాట్లాడుకుంటే కొట్లాడుకుంటరు. కొట్లాడితే చెమట పడ్తది. చెమట పడితే ఒంటికి మంచిదని డాక్టర్లే చెప్తుండ్రు గద?

ఇగ సోపతిగాళ్లకు కరువే ఉండది. కాంటా కాడ పేతురు ఒక్క మాట నోరు జారితే చాలు. కోటగిరి నుంచి చెరుకు తెచ్చినాయన ట్రాక్టర్ మీదనే కూసుని “బ్యాటరీని ఎండల పెట్టు సార్” అన్నడు. వెనక ట్రాక్టరాయన “ఎండల పెడితే పేల్తది, నీడల పెట్టు” అన్నడు. పేతురు ఇద్దరి మనసు నొప్పించలేక పొద్దున ఎండల, పగటీలి నీడల పెట్టిండు. మోసి మోసి నడుం పట్టింది. నడుం నొప్పికి మందు చెప్పేతందుకు ఇంకింతమంది జమైండ్రు!

బుద్ధికి పదునెక్కుడు వేరే లాభం. పేతురు మొదాల్ బ్యాటరీని అనుమానించిండు. తర్వాత బల్లిని. ఆ తర్వాత యేసమ్మ ఇస్త్రీపెట్టెను. ఇన్వర్టర్‌తోని వచ్చిన ఇంగ్లీష్ పుస్తకాన్ని బైబిలు కన్న ఎక్కువ సార్లు చదివిండు. పుస్తకాల ఉన్న రోగాలన్ని ఆయన ఇన్వర్టర్‌కు ఉన్నట్టే అనిపించినయి, ఒకటి రెండు ఆయనకు గూడ ఉన్నట్టు అనిపించినయి.

ఇక సాయంత్రాలు అవ్వ మంచం కాడ కూసుని విసనకర్రతోని ఇసిరేటోడు. “చాలు బిడ్డా, పొద్దంత కాంటా కాడ నిలబడి వచ్చినవ్” అని అవ్వ ఆపేది. ఆపి, నల్లద్దాల కింద కారే చెమటను పైటకొంగుతోని తుడుసుకునేది. పేతురుకు పాణం ఆగకపోయేది.

ఒకనాడు పొద్దున యేసమ్మ చెయ్యి తుడుసుకుంట వచ్చింది. “అవ్వ కన్ను ఎర్రగైంది. నీ ఇన్వర్టర్ ముచ్చట నాకు చెప్పకు. కన్ను ముచ్చట చెప్పు.”

 ఆ దినం పేతురు కాంటా కాడ తూకం రెండుసార్లు తప్పు చదివిండు.

అదే వారం, శనివారం సాయంత్రం ఇంట్ల ప్రార్థన కూటం పడ్డది. పాస్టరు అయ్యగారు, సంఘపోళ్లు వచ్చి కూసున్నరు. పాట నడుమ కరెంటు పోయింది. పేతురు కండ్లు గట్టిగ మూసుకున్నడు. తెరిస్తే ట్యూబ్‌లైట్ వెలుగుతనే ఉన్నది! పాటయింది, వాక్యమయింది, ఆమెన్ అయింది, చాయ్ అయింది. లైటు పోలే. అయ్యగారు సంతోషపడి ఇన్వర్టర్ కోసం గూడ ఒక స్తోత్రం చెప్పిండు. తెల్లారి ఆదివారం పేతురు చర్చిల నిలబడి, దేవుడే ఇన్వర్టర్‌ను మంచిగ చేసిండని సాక్ష్యమిచ్చిండు. ఒకామె తన ఫ్రిజ్ కోసం ప్రార్థన చెయ్యమని అయ్యగారిని అక్కడనే అడిగింది.

ఆ సాయంత్రమే ఇన్వర్టర్ మళ్ల ట్రిప్ అయింది. దాంతోపాటు పేతురు విశ్వాసం గూడ ట్రిప్ అయింది.

మరునాడు పేతురు పంతం పట్టిండు. ఏ పురుగు, ఏ బల్లి ఆ బటన్‌ను పడగొడుతుందో కండ్లార చూడాలని, పొద్దుగూకక ముందే ఇన్వర్టర్ పక్కన, గోడకానుకుని కింద కూసున్నడు. అవ్వకు నల్లద్దాలు, చూపు అంతంతే. ఆయన అక్కడున్నట్టు ఆమెకు తెల్వదు.

కరెంటు పోయింది. ఇన్వర్టర్ గుయ్‌మన్నది, ఫ్యాన్ ఆగకుంట తిరిగింది, బటన్ ఎర్రగ వెలుగుతుంది. మంచం మీదికెల్లి ఒక చెయ్యి మెల్లగ దిగి, పెట్టెను తడిమి, టక్కున బటన్ కిందికి ఒత్తింది.

“అవ్వా, ఏం చేస్తున్నవే?”

“ఎవరది, పేతురా? బంద్ చేస్తున్న బిడ్డా. ఇంట్ల మనమే ఉన్నం గద.”

“మనముంటే ఏంది?”

“ఉత్తగ అయిపోతది గదరా. రేపు సుట్టాలొస్తే వాళ్లకేం పెడ్తవ్?”

 పేతురు ఇంకోటి అడిగిండు. “మరి తుకారాం వచ్చినప్పుడు?”

“పాపం, పరాయి మనిషి. ఇంటికొచ్చినోన్ని ఉక్కల కూసోబెడ్తమా?”

“అయ్యగారొచ్చినప్పుడు?”

“అయ్యగారికి ఎవలన్న సీకటి పెడ్తరారా?”

“నీ కోసమే తెచ్చిన గదనే అవ్వా. నీ కన్ను కోసం.”

“నాకెందుకు బిడ్డా” అన్నది శారమ్మ. “నేను ఇంటి దాన్నే గద.”

ఆ ఇంట్ల ఎప్పుడూ అంతే. మంచి దుప్పటి పెట్టెల ఉంటది, సుట్టమొస్తే బయటికొస్తది. సన్నబియ్యం డబ్బల ఉంటయి, ఇంటోళ్లకు దొడ్డుబియ్యం. కోడి గుడ్డు పెడితే అది గూడ వచ్చేటోనికే. పేతురు ఇదంత చూసుకుంటనే పెరిగిండు. గాలిని గూడ డబ్బల దాస్తదని మాత్రం అనుకోలే. ఆయనకు ముందు కోపమొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. చీకటి గనుక రెండూ ఎవలకు కనపడలే.

బటన్‌ను ఎత్తుమీద పెట్టొచ్చు గద, అంటరా? పెట్టిండు. అవ్వ ఆపరేషన్ కన్నుతోని స్టూలెక్కి బంద్ చేసింది. అది చూసి పేతురే భయపడి మళ్ల కిందికి దించిండు.

ఇగ అసలు బాధ వినుండ్రి. పోయిన నెల మంత్రిగారు బోధన్ వచ్చిండ్రు. ఆ దినమంత కరెంటు రెప్ప కొట్టలే. పట్టపగలు వీధిలైట్లు గూడ వెలిగినయి. ఆయన కారు ఊరు దాటిందో లేదో, ఊరంత చీకటి. పేతురు ఊకుంటడా? ‘పెద్దమనుషులొస్తేనే కరెంటా, ఇంటోళ్లం మనుషులం కామా?’ అని ఈ కాలమ్‌లనే తాటికాయంత అక్షరాలతోని అడిగిండు. ఆ మాట రాసేటప్పుడు ఆయన కూసున్నది అవ్వ మంచం పక్కన, బటన్ పడిపోయిన ఇన్వర్టర్ ముంగట. గురివింద గింజకు తన కింది నలుపు కనపడది అంటరు, గదే.

కానీ జర ఫరక్ ఉన్నది. శారమ్మ తన ఫ్యాన్ ఆపుకుని పరాయోళ్లకు గాలిచ్చింది. మన ఫ్యాన్లు ఆపే సార్ల ఇండ్లల్ల ఒక్కనాడన్న ఫ్యాన్ ఆగిందని మీరెప్పుడన్న విన్నరా? పేతురైతే వినలే. విన్ననాడు ఈ కాలమ్‌ల మాఫీ అడుగుతడు.

ఇప్పుడు పేతురింట్ల పొద్దుగూకితే ఒక సుట్టం కావాలె. గంగమణిని బతిమాలిండు. ఆమె వచ్చి కూసుంటే అవ్వ చెయ్యి బటన్ మీదికెల్లి లేచింది. “రా బిడ్డా, ఇట్ల గాలికి కూసో” అన్నది. ఫ్యాన్ ఒక్కటే గనుక ఆ గాలి అవ్వకు గూడ తగిలింది. వారంల కంటి ఎరుపు తగ్గింది. నిన్న గంగమణి చెల్లెలింటికని భీమ్‌గల్ పోయింది. నల్లద్దాలు తీసే దినం ఇంకా దూరమున్నది.

అందుకే పాఠకులారా, పొద్దుగూకంగ పేతురింటికి రాండ్రి. ఇన్వర్టర్ పక్కా ఖరాబే, మీరు కాలు పెడితే మంచిగైతది. చాయ్ ఉంటది, అవ్వ ముచ్చట్లుంటయి. ఒక్కటే షరతు. “మేం పరాయోళ్లమా అవ్వా, ఇంటోళ్లమే అనుకో” అని మర్యాదకు గూడ అనకుండ్రి. అన్నరంటే ఫ్యాన్ బంద్ అయితది.