దారానికి కాసిన వంకాయ

“ఈ దేశంలో పసిపిల్లల బుర్రలు చెడగొడుతున్నది ఒక్కటే. అది బడి!”

ఈ మహావాక్యాన్ని మా బ్లాకు డెవలప్‌మెంటు ఆఫీసరు మురహరిరావు గారు పంద్రాగస్టు నాడు మా బడి ముందు జెండా ఎగరేసి, మా బడి పిల్లలు తెచ్చిన దండ మెడలో వేసుకుని, మా బడి కుర్చీలో కూర్చోబోతూ సెలవిచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ బడికి పంతులును నేనే. ఉన్న ఒక్క పంతులూ కొట్టకపోతే బాగుండదు కదా!

మా సమితి పేరు చెప్పను. లక్సెట్టిపేటకూ ఆసిఫాబాద్‌కూ మధ్య ఎక్కడో ఉందనుకోండి. పంచాయతీ సమితులు వచ్చిన కొత్త రోజులవి. ప్రతి ఆఫీసరుకూ ఒక సిద్ధాంతం ఉండేది. లేనివాడు ఇంకో ఆఫీసరు దగ్గర అరువు తెచ్చుకునేవాడు. మా సారు సిద్ధాంతం పేరు గృహవిద్య. పసిపిల్ల ఇంటి గడప దాటకుండా బొమ్మల పుస్తకం చూసి, తోట పెంచి, వంట చేసి జ్ఞాని కావాలి. ప్రయోగానికి పిల్ల కూడా సిద్ధంగా ఉంది. సారు ఒక్కగానొక్క కూతురు బేబి, నాలుగేళ్ళది, చురుకైనది.

ఇక్కడ నా గోడు కొంచెం చెప్పుకోవాలి. మా బడికి గోడలు నాలుగూ ఉన్నాయి. పైకప్పు మాత్రం కిందటేటి గాలివానకు కూలిపోయింది. నలభై మంది పిల్లలు ఎండ ఎటు తిరిగితే అటు గోడ నీడకు జరుగుతూ ఎక్కాలు చదివేవారు. వాన వస్తే పలకలు నెత్తిన పెట్టుకుని ఇళ్ళకు ఉరికేవారు. కప్పు కోసం గూనపెంకులు వచ్చాయి కూడా! వచ్చి, సమితి గోదాము వెనక గుట్టగా పడి ఉన్నాయి. అవి బడి మీదికి ఎక్కాలంటే కాగితం మీద సారు దస్కత్, అదే సంతకం, ఒక్కటి కావాలి.

“పైకప్పెందుకయ్యా బుచ్చిరాములూ?” అన్నారు సారు, నా మీద జాలిపడుతూ. “ఆకాశం లేదా? పిల్లలకూ ప్రకృతికీ మధ్య పెంకు అడ్డం పెడతావా?”

“వానస్తే పిల్లలు తడుస్తున్నరు సార్.”

“తడవనీ! వర్షం గురించి పుస్తకంలో చదివే బాధ తప్పుతుంది కదా!”

సారు ఈ మాట వరండాలో నిలబడి అన్నారు. వరండాకు కప్పు ఉంది. బయట వాన పడుతోంది.

దస్కత్ కాలేదు గానీ నాకు ఉత్తర్వు అయింది. మధ్యాహ్నం బడి మూసేసి, సారు బంగళాకు వచ్చి, బేబీకి గృహవిద్య నేర్పాలి. ఇంటి చదువుకు పంతులు ఎందుకని అడగబోయి, ఉద్యోగం గుర్తొచ్చి మానుకున్నాను.

సారు హైదరాబాదు నుంచి రంగుల బొమ్మల పుస్తకం తెప్పించారు. పెరట్లో మడులు కట్టించారు. బేబి తన చేత్తోనే వంగ, బెండ, మిరప విత్తనాలు నాటింది. మర్నాడు పొద్దున్నే తవ్వి చూసింది, మొలిచాయా లేదా అని. మొలవలేదు. మళ్ళీ పూడ్చింది. ఆ మర్నాడు మళ్ళీ తవ్వింది. ఇలా రోజూ పరీక్షలు పెడితే ఏ విత్తనమైనా చదువు మానేస్తుంది! బేబి నేల మీద పడి ఏడ్చింది. సారు చప్రాసి వాహెద్ మీద మండిపడ్డారు, ఆ తోటకు వాహెదే తండ్రి అయినట్టు.

వాహెద్ మెత్తని మనిషి. ఎవరి చెలకలో నుంచో ఎదిగిన వంగ, బెండ, మిరప మొక్కలు పెరికి తెచ్చి నాటాడు. అంగట్లో కొన్న వంకాయ ఒకటి తెల్ల దారంతో వంగకొమ్మకు కట్టాడు. పొద్దున బేబి చూసి గంతులు వేసింది.

“ప్రకృతి!” అన్నారు సారు, చేతులు జోడించి.

వాహెద్ ఆ ముడి వేస్తుంటే ఇంకొకడు కూడా చూశాడు. వాడు రాయమల్లు. బావి లోను కాగితం కోసం ఆఫీసు మెట్ల మీద పడిగాపులు కాసి కాసి, ఆ మెట్టు తనదే అనుకునే స్థితికి వచ్చిన రైతు. మర్నాడు బెండమొక్కకు మూరెడు సొరకాయ కాసింది. ఆ సాయంత్రమే రాయమల్లు బావి కాగితం మీద సారు దస్కత్ పడింది.

అంతే! ఇక ఆ తోటకు ఎరువు అక్కర్లేకపోయింది.

సారును తప్పుపట్టకండి. ఆయన నిప్పు. పైసా ముట్టరు. పని మీద వచ్చినవాడి చాయ్ కూడా తాగరు. అయితే కన్నకూతురి చదువుకు అడ్డం రాలేరు కదా! తోటలోకి అడుగు పెట్టేముందు కళ్ళద్దాలు తీసి జేబులో వేసుకునేవారు. తోట దాటాక మళ్ళీ పెట్టుకునేవారు. నడి వేసవిలో, బావులన్నీ అడుగంటిన రోజుల్లో, మా సమితి మొత్తంలో పచ్చగా కాసింది ఆ ఒక్క తోటే. లోన్లు ఇచ్చే నెలలో కొమ్మలు విరిగేంత కాపు!

పాఠం నడిచే తీరు ఇదీ. సాయంత్రం నేను పుస్తకం తెరిచి పట్టుకుంటాను. బేబి ఒక బొమ్మ మీద వేలు పెడుతుంది. పొద్దున అది తోటలో కాయాలి. ఒకనాడు వేలు చేప మీద పడింది.

ఈసారి ఇంజను కాగితం కోసం వచ్చిన రాయమల్లు తల గోక్కున్నాడు. “వాహెద్ భాయ్, చాపలు చెట్లకు కాస్తయానె?”

“పుస్తకంల ఉన్నదంటె కాస్తయి. నువ్వు జెర జల్ది గోదారికి పో.”

పొద్దున మిరపచెట్టుకు మూడు చేపలు వేలాడాయి. చెట్టు కింద రెండు పిల్లులు కూర్చున్నాయి. గృహవిద్యలో విద్యార్థుల సంఖ్య పెరిగింది. ఇంకోనాడు ఒక గ్రామసేవకుడి బదిలీ కోసం, మడుల పక్కనున్న చిక్కుడు పందిరికి మేకపిల్ల కాసింది. అది కాసినంతసేపూ పందిరిని తింటూనే ఉంది.

ఆ తర్వాత వంట. మూడు రాళ్ళు, నిప్పు లేని పొయ్యి. పచ్చి వంకాయ ముక్కలు, బెల్లం, పైన నా సుద్దముక్కల పొడి. ఇది తిని “మస్తున్నది బిడ్డా” అన్నవాడికే ఆఫీసు తలుపు తెరుచుకునేది. పెద్ద పెద్ద సర్పంచులు కళ్ళు మూసుకుని మింగేవారు. తోటలో మిగిలిన కాపంతా లోపల నిజం పొయ్యి మీద సారు భార్య అనసూర్యమ్మ వండేది.

“మీ సారు సిద్ధాంతం మంచిదే పంతులూ,” అనేది ఆ ఇల్లాలు. “అంగడికి పోక ఆర్నెల్లాయె.”

వాహెద్‌కు నా మీద దయ. “పంతులుసాబ్, ఊరంత కడుతున్నరు. మీరు గూడ ఏదన్న కట్టరాదుండ్రి? మీ పెంకులు జెప్పన పైకెక్కుతయి.”

నాకు ఒళ్ళు మండింది. మండినా, మబ్బులు చూసి మా ఇంటికి పోయి, మా ఇంటామె లింగవ్వను ఒక సొరకాయ అడిగాను.

“బడికి పెంకులు గావాల్నంటె బడి సొరకాయ కట్టు. ఇంటి సొరకాయ ఎందుకిస్త?” అంది లింగవ్వ. “అయినా సర్కారు పిల్లలకు సర్కారు పెంకులేసెతందుకు నా సొరపాదు ఏం పాపం జేసింది?”

ఉత్త చేతులతో బడికి తిరిగొచ్చాను. కట్టలేదు. మృగశిర దగ్గరికి వస్తోంది. మబ్బు పట్టినప్పుడల్లా నా పిల్లలు మొదట ఆకాశం వైపు, తర్వాత నా వైపు చూసేవారు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయేవాణ్ణి.

అంతలో గృహవిద్య ఖ్యాతి జిల్లా దాటింది. పైనుంచి ఒక పెద్దసారు జీపులో తనిఖీకి వచ్చి ముసాఫిర్‌ఖానాలో దిగారు. సాయంత్రం తోటకు వచ్చి, బెండమొక్కకు కాసిన గుమ్మడికాయ ముందు ఆగారు.

“పాపా! కూరగాయలకు రోజూ నీళ్ళు పోస్తావా?”

“పొయ్యద్దు,” అంది బేబి గట్టిగా. “దారం నానుతది.”

మురహరిరావు గారు దగ్గారు. పెద్దసారు వంగి అడిగారు. “మరి కాయలు ఎప్పుడు కాస్తాయమ్మా?”

“బాపు దస్కత్ గావాల్నంటె కాస్తయి.”

మా సారు కళ్ళద్దాల కోసం జేబు తడుముకున్నారు, ఆ రోజు హడావుడిలో వాటిని తీయనేలేదని, అవి ముక్కు మీదే ఉన్నాయని మరిచిపోయి. నేను మాత్రం ఇవాళతో ఈ నాటకం ముగిసిందనుకున్నాను. ఎంత అమాయకుణ్ణి!

“అద్భుతం!” అన్నారు పెద్దసారు. “నాలుగేళ్ళకే పరిపాలన అర్థమైంది! నాకు ఇరవయ్యేళ్ళ సర్వీసు పట్టింది. రేపటి పాఠం ఏమిటి?”

నేను పుస్తకం తెరిచి పట్టుకున్నాను. బేబి బొమ్మ వైపు చూడలేదు. నా మొహం వైపు చూసింది.

“సారూ, అందరు కడుతరు. నువ్వెప్పుడు ఏం కట్టలే. నీకేం వద్దా?”

“కావాలె బిడ్డా. బడికి పెంకులు గావాలె. నా పిల్లలు తడుస్తున్నరు.”

బేబి పేజీలు తిప్పింది. చివరి పేజీలో ఎర్ర పెంకుల ఇల్లు ఒకటుంది. దాని మీద వేలు పెట్టింది.

“రేపు గిది గాయాలె.”

“తప్పకుండా!” అన్నారు పెద్దసారు చప్పట్లు కొడుతూ. “పొద్దున్నే వచ్చి చూస్తాను.”

ఏడాదిగా కదలని పెంకులు తెల్లారేసరికి కదిలాయి. దస్కత్ లేదు, మంజూరు లేదు, కొలత లేదు! ఆఫీసులో పని ఉన్నవాళ్ళంతా తలా ఒక చెయ్యి వేశారు. టేకు నిట్టాళ్ళు నిలబెట్టారు, దూలాలు ఎక్కించారు, పెంకులు కప్పారు. పొద్దున్నకు సారు పెరట్లో, మా బడికి సరిగ్గా సరిపోయేంత కప్పు కాసింది. ఎందుకైనా మంచిదని వాహెద్ చూరు పెంకుకు ఒక తెల్ల దారం కట్టాడు. బేబి వచ్చి మొదట దారం చూసుకుని, ఆ తర్వాతే ఇల్లు చూసి నవ్వింది.

నాకు ఏడుపొచ్చింది. నా పిల్లల పెంకులు వంకాయల మీద కూర్చున్నాయి!

అప్పుడే వాన మొదలైంది. మృగశిర వాన, ఏకధారగా. పెద్దసారు గొడుగు మూసి కప్పు కిందికి వచ్చి కూర్చున్నారు. బేబి వంట ముగించి ఆకుల్లో వడ్డించి ఎదురు చూసింది. ఎవరూ రాలేదు. వాన పడ్డాక రైతు దస్కత్ కోసం నిలబడతాడా? రాయమల్లుతో సహా అందరూ విత్తనం చేతబట్టుకుని చెలకలకు పోయారు. బేబి పెదవి విరిచి, నేల మీద పడి ఏడుపు లంకించుకుంది.

“రోజూ ఎవరు తింటారు?” అడిగారు పెద్దసారు.

మా సారు నోరు తెరిచారు. ఏ పేరు చెప్పినా దాని వెనక ఒక కాగితం ఉంది.

“బడి పిల్లలు సాబ్!” అన్నాడు వాహెద్, నా వైపు చూడకుండా.

“మరి పిలిపించండి!”

నేను వానలో పరుగెత్తాను. గోడలకు అతుక్కుని తడుస్తున్న నలభై మందినీ తోలుకొచ్చాను. వాళ్ళు వరసగా కూర్చుని, ముందు బెల్లం, ఆ తర్వాత వంకాయ తిని, చివరికి ఆకు కూడా నాకారు. “ఇంక జెర పెట్టవా బేబీ?” అన్నారు. ఆ వంటను రెండోసారి అడిగినవాళ్ళు లోకంలో వాళ్ళే! బేబి ఆనందం పట్టలేక సుద్దపొడి రెండింతలు చల్లింది. పైన వాన దబదబా కురుస్తోంది. నా పిల్లల మీద ఒక్క చుక్క పడలేదు. పెద్దసారు ఉన్నారని కూడా చూడకుండా నేను కళ్ళు తుడుచుకున్నాను.

పెద్దసారు అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. ఈ పిల్లలంతా రోజూ ఉదయం నుంచి సాయంత్రం దాకా ఈ కప్పు కిందే ఉండాలి. పంతులు ఇక్కడే పాఠం చెప్పాలి. పలకలు, బల్లలు ఇక్కడికే తేవాలి. గంట కూడా కట్టాలి. అయితే దీన్ని బడి అనకూడదు. ఆదర్శ గృహవిద్యా కేంద్రం అనాలి!

మర్నాటి నుంచి సారు పెరట్లో తొమ్మిదింటికి గంట మోగింది. ఎక్కాలు, పద్యాలు, కొట్లాటలు. సారు గడ్డం గీసుకుంటుంటే కిటికీలో పది తలకాయలు. తోటలో కాయ మిగలలేదు. దారాలు మాత్రం గాలికి ఊగుతూ ఉండేవి. అనసూర్యమ్మ మళ్ళీ అంగడి సంచి వెతుక్కుంది. బేబీకి నలభై మంది స్నేహితులు దొరికారు. ఆ నెలలోనే మొదటిసారి ఒక విత్తనాన్ని తవ్వి చూడకుండా వదిలేసింది, మా పిల్లలు చేతులు పట్టుకుని ఆపడం వల్ల. అది మొలిచింది.

ఆ మొలక రెండాకులు వేసిన రోజున సారు జీపులో పెట్టె ఎక్కించారు. పెట్టె మీద బేబి కూర్చుని ఏడుస్తోంది. హైదరాబాదులో గట్టి గోడలు, గట్టి కప్పు, ఇనుప గేటు ఉన్న కాన్వెంటులో చేర్పిస్తున్నారట.

“అదేంది సార్, గృహవిద్య?” అన్నాను.

సారు చుట్టూ చూసి, పెద్దసారు లేరని నిశ్చయించుకుని, సొంత భాషలోకి దిగారు.

“ఇంట్ల సదువేడ సాగుతదయ్యా బుచ్చిరాములూ? ఇల్లంత బడే అయిపాయె!”